‘అంట’ దొరికాక ప్యాసివ్ వాయిస్ తేలికైంది

2021 నవంబర్‌లో పెన్నకు పెద్ద వరద వచ్చినప్పుడు నేను నెల్లూరు రంగనాయకులపేటలో ఒక రూములో ఉంటూ ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌కి, అంటే డిగ్రీ చదివినవాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల కోసం పెట్టే పరీక్షకి, చదువుతున్నాను. ఊరు ఉదయగిరి వైపు. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. ఒక రాత్రి కరెంటు పోయింది. కాసేపటికి ఇంటి ఓనరమ్మ తలుపు కొట్టి, "అబ్బయ్యా, సోమశిల డ్యామ్ తెగిందంట. పుస్తకాలు మంచం మీద ఎత్తి పెట్టుకో" అంది.

"ఎవరు చెప్పారు పెద్దమ్మా?"

"అందరూ అనుకుంటుండారు గదా."

సోమశిల తెగలేదు. తెగింది అంతకు పైన, చెయ్యేరు మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట. కోవూరు దగ్గర హైవే కోసుకుపోయింది, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద మట్టి కొట్టుకుపోయింది. ఇవన్నీ జరిగినవి. సోమశిల సంగతి మాత్రం వట్టి ‘అంట’. ఆ రాత్రి ఓనరమ్మ నోట విన్న ఆ ఒక్క ముక్క చాలా రోజుల తర్వాత నాకు ఇంగ్లిష్ గ్రామర్ నేర్పుతుందని అప్పుడు తెలియదు.

మొదటి ప్రయత్నంలో నన్ను ముంచింది ఇంగ్లిషే. మొదటి దశ అయిన టైర్ వన్‌లో 100 ప్రశ్నలు, 200 మార్కులు, గంట టైము. అందులో ఇంగ్లిష్ 25 ప్రశ్నలు. తప్పు పెడితే అర మార్కు కోత. ప్యాసివ్ వాయిస్ నాకు బాగా వచ్చనే అనుకున్నాను. ఆబ్జెక్ట్ ముందుకు తీసుకురా, ‘బి’ రూపం పెట్టు, మూడో ఫామ్ రాయి, చివర ‘బై’ తగిలించు. ‘రామా కిల్డ్ రావణా’ ఇచ్చినంత కాలం ఇది పనిచేసింది. ‘పీపుల్ సే దట్ హి స్టోల్ ద మనీ’ లాంటిది వచ్చేసరికి చేతులెత్తేశాను. ఇందులో ఆబ్జెక్ట్ ఏది? డబ్బా? అతనా? నాలుగు ఆప్షన్లూ కవల పిల్లల్లా ఉన్నాయి. ఒకదాంట్లో ‘టు స్టీల్’, ఇంకోదాంట్లో ‘టు హావ్ స్టోలెన్’, మరోదాంట్లో ‘టు హావ్ బీన్ స్టోలెన్’. గుడ్డిగా ఒకటి నొక్కి వచ్చాను.

కోచింగ్‌లో దీనికి ఒక పెద్ద టేబుల్ ఇచ్చారు. ఎడమ పక్క టెన్స్, కుడి పక్క ఇన్ఫినిటివ్, అంటే ‘టు’తో వచ్చే క్రియ రూపం. టేబుల్ తప్పేమీ కాదు. నాకే ఎక్కలేదు, ఎక్కినా పరీక్ష హాల్లో దిగిపోయేది.

తర్వాత ఒక రోజు లైబ్రరీలో ఇంగ్లిష్ పేపర్ చదువుతుంటే ‘ద మ్యాన్ ఈజ్ సెడ్ టు హావ్ ఫ్లెడ్’ అని కనిపించింది. అర్థం చేసుకుందామని తెలుగులో అనుకున్నాను: పారిపోయాడంట. అంతే! ‘అతను పారిపోయినట్లు చెప్పబడుచున్నాడు’ అని పుస్తకాల తెలుగులో తిప్పుకున్నంత కాలం బుర్రకెక్కనిది ‘అంట’ అనేసరికి ఎక్కింది. చెప్పినవాడు ఎవడో తెలియదు, తెలిసినా మనకు అక్కర్లేదు. నేను చూడలేదు, విన్నాను అని ఒక చిన్న చీటీ అంటిస్తున్నాం. ఇంగ్లిష్‌వాడికి ఆ చీటీ అంటించడానికి ‘ఈజ్ సెడ్’ కావాలి, మనకు ‘అంట’ చాలు. చివర ‘బై పీపుల్’ ఎందుకు పెట్టరో కూడా అప్పుడే అర్థమైంది. ‘జనాల చేత పారిపోయాడంట’ అని ఎవరైనా అంటారా?

ఇక అక్కడి నుంచి నేను చేసిందల్లా ‘అంట’ తీసేసి మిగిలిన మాట చూడడమే. ‘అక్కడ ఉంటాడంట’లో ‘అంట’ తీస్తే ఉంటాడు. ఇప్పటి మాట, కాబట్టి ‘ఈజ్ సెడ్ టు లివ్’. ‘వెళ్తున్నాడంట’ అయితే ‘టు బి గోయింగ్’. ‘దొంగిలించాడంట’ అంటే అయిపోయిన పని, ‘టు హావ్ స్టోలెన్’. అతన్నే ఎవరో పట్టుకున్నారంట అంటే ‘టు హావ్ బీన్ కాట్’. ‘ఈజ్ సెడ్’ అన్నది ఎప్పుడు అన్నారో చెబుతుంది, ‘టు’ తర్వాతది ఎప్పుడు జరిగిందో చెబుతుంది. ఈ రెండు కాలాలనూ విడివిడిగా చూడాలి. ఓనరమ్మ మాటనే తీసుకోండి. పుకారు పుట్టింది ఆ రాత్రి, అది పాత సంగతి కాబట్టి ‘వాజ్’. డ్యామ్ తెగడం అన్నది పుకారుకు ముందు జరిగినట్టు చెప్పుకున్నది, కాబట్టి ‘టు హావ్’. ‘సోమశిల వాజ్ రూమర్డ్ టు హావ్ బ్రీచ్డ్.’ ఇదే వాక్యాన్ని ‘ఇట్ వాజ్ రూమర్డ్ దట్ సోమశిల హ్యాడ్ బ్రీచ్డ్’ అని కూడా రాయొచ్చు. ఆప్షన్లలో ఈ రెండు రూపాలూ కలిపి వండిన ‘హి ఈజ్ సెడ్ దట్ హి’ అనేది కనిపిస్తే మొదట దాన్నే కొట్టేయండి.

అసలు చిక్కు అడ్వర్బ్ దగ్గర, అంటే పని ఎలా, ఎప్పుడు జరిగిందో చెప్పే మాట దగ్గర. తప్పు పట్టమనే ఎర్రర్ స్పాటింగ్‌లో, వాక్యాన్ని సరిచేయమనే సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో నేను ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

అనడం ఏ తీరులో అన్నారో చెప్పే ‘వైడ్లీ’, ‘జనరల్లీ’, ‘కామన్లీ’ లాంటివి ‘ఈజ్’కీ మూడో ఫామ్‌కీ మధ్య కూర్చుంటాయి. తిక్కన విరాటపర్వం నుంచి 15 పర్వాలు తెనిగించాడన్నది అందరికీ తెలిసిందే, కాబట్టి ‘ఈజ్ నోన్ టు హావ్ ట్రాన్స్‌లేటెడ్’. మా రంగనాయకులపేటలో పెన్న ఒడ్డున కూర్చునే రాశాడని జనం నమ్మకం. అది ‘ఈజ్ వైడ్లీ బిలీవ్డ్ టు హావ్ రిటెన్’. ఈ ‘వైడ్లీ’ని తీసుకెళ్లి ‘రిటెన్’ పక్కన పెడితే తిక్కన విస్తారంగా రాశాడన్నట్టు మారిపోతుంది. వాక్యంలో గ్రామర్ తప్పు కనిపించదు, అర్థం మాత్రం చేజారిపోతుంది.

టైము చెప్పే మాటలు ఇంకా మోసం చేస్తాయి. ఈ రెండు చూడండి. ‘ద గేట్స్ వర్ రిపోర్టెడ్ లాస్ట్ నైట్ టు హావ్ బీన్ ఓపెన్డ్.’ ‘ద గేట్స్ వర్ రిపోర్టెడ్ టు హావ్ బీన్ ఓపెన్డ్ లాస్ట్ నైట్.’ రెండూ ఒకటేనని మా రూమ్మేట్‌తో పందెం కాసి, ఓడి టీ ఇప్పించాను. మొదటిది ‘గేట్లు ఎత్తారని రాత్రి చెప్పారు’. రెండోది ‘గేట్లు రాత్రి ఎత్తారని చెప్పారు’. మొదటిదాంట్లో గేట్లు ఎప్పుడు ఎత్తారో మనకు తెలియదు, కబురు మాత్రం రాత్రి వచ్చింది. తెలుగులో ‘రాత్రి’ తన క్రియకు ముందు ఉంటుంది. ఇంగ్లిష్‌లో రిపోర్టింగ్ మాట అయిన వెంటనే వస్తే అనడానికి చెందుతుంది, చివరికి పోతే మామూలుగా జరిగిన పనికి చెందుతుంది. నా పద్ధతి ఒక్కటే: తెలుగులోకి తిప్పి ‘రాత్రి’ ఎక్కడ కూర్చుందో చూస్తాను. రీడింగ్ కాంప్రహెన్షన్‌లో ‘ఎప్పుడు జరిగింది’ అని అడిగే ప్రశ్నలకూ ఇదే పనికొచ్చింది.

ఇక ‘రిపోర్టెడ్లీ’, ‘అలెజెడ్లీ’, ‘సపోజెడ్లీ’. ఇవి ఒంటరిగానే ‘అంట’ పని చేస్తాయి. ‘హి హాజ్ రిపోర్టెడ్లీ లెఫ్ట్’ అన్నా, ‘హి ఈజ్ రిపోర్టెడ్ టు హావ్ లెఫ్ట్’ అన్నా వెళ్లిపోయాడంట అనే. రెండూ కలిపి ‘హి ఈజ్ రిపోర్టెడ్లీ సెడ్ టు హావ్ లెఫ్ట్’ అని రాస్తే ‘వెళ్లిపోయాడంటంట’ అన్నట్టు ఉంటుంది. ఇలాంటివి సెంటెన్స్ ఇంప్రూవ్‌మెంట్‌లో ఇస్తే ఒకటి తీసేసిన ఆప్షన్ పెట్టండి. ‘అలెజెడ్లీ’ మాత్రం ఉత్త ‘అంట’ కాదు. అందులో ఆరోపణ ఉంది. పోలీసు కేసు వార్తల్లో విలేకరులు ఊరికే వాడరు, నేరం కోర్టులో రుజువయ్యే దాకా అది వాళ్లకు కవచం. ఎవరికో బహుమతి వచ్చిందని చెప్పడానికి ‘అలెజెడ్లీ’ వాడితే నవ్వుతారు.

క్రియల సంగతి త్వరగా చెప్పేస్తాను. మనకు ‘చెప్పు’ ఒక్కటే కాబట్టి ‘ఇట్ ఈజ్ టోల్డ్ దట్’ అని రాసేస్తాం. తప్పు, అక్కడ ‘సెడ్’ కావాలి. ‘ఐ వాజ్ టోల్డ్ దట్’ మాత్రం సరే, ఎవరికి చెప్పారో ఉంది కదా. ‘హోప్’, ‘సజెస్ట్’ లాంటివి ‘ఇట్’తోనే వస్తాయి, ‘హి ఈజ్ హోప్డ్ టు’ అనరు. ‘సపోజ్డ్ టు’కు రెండు ముఖాలు. ‘హి ఈజ్ సపోజ్డ్ టు బి రిచ్’ అంటే డబ్బున్నవాడంట. ‘యు ఆర్ సపోజ్డ్ టు కమ్ ఎట్ నైన్’ అంటే తొమ్మిదికి రావాలి. ‘దేర్’తో కూడా ఈ ఆట ఆడొచ్చు. మా ఉదయగిరి కోటలో నిధి ఉందంట అని చిన్నప్పటి నుంచి వింటున్నాం, ‘దేర్ ఈజ్ సెడ్ టు బి ట్రెజర్ ఇన్ ద ఫోర్ట్’. కృష్ణదేవరాయలు ఆ కోటను గజపతుల నుంచి 1514లో గెలుచుకున్నది చరిత్ర. నిధి మాత్రం ఇప్పటికీ ‘సెడ్ టు బి’ దగ్గరే ఉంది.

ప్రాక్టీస్‌కి నేను కొత్త పుస్తకం కొనలేదు. రోజూ పేపర్లో ఇలాంటి వాక్యాలు ఐదు వెతికి, తెలుగులో ‘అంట’ పెట్టి నోట్‌బుక్‌లో రాసి, మర్నాడు తెలుగు చూసి ఇంగ్లిష్ రాసేవాణ్ని. మొదటి వారం ఐదింట్లో మూడు తప్పులు. నెల తర్వాత ఎప్పుడో ఒకటి, అదీ ఎక్కువగా ‘ఈజ్’ పెట్టాల్సిన చోట ‘వాజ్’. టీకొట్టు దగ్గర విన్న కబుర్లను కూడా మనసులో ఇంగ్లిష్‌లోకి తిప్పేవాణ్ని. రూమ్మేట్‌కి విసుగొచ్చేది.

రెండోసారి టైర్ వన్ దాటాను. టైర్ టూలో ఇంగ్లిష్ 45 ప్రశ్నలు, ఒక్కోదానికి 3 మార్కులు, తప్పుకి 1 పోతుంది కాబట్టి అక్కడ గుడ్డిగా నొక్కలేదు. వాయిస్ ప్రశ్నలన్నీ ధైర్యంగా పెట్టాను. పేరాలో ఖాళీలు నింపే క్లోజ్ టెస్ట్‌లో మాత్రం ఇంకా అనుమానమే.

రిజల్ట్ ఈ వారంలో వచ్చేస్తుందంట. ఎవరు చెప్పారని మాత్రం అడక్కండి.