పలెర్మోలో కరణంగారబ్బాయి

మావయ్యకి కోటలు అక్కర్లేదు. "కోట సరేనమ్మాయ్, కచేరీ ఎక్కడుండేది?" అంటాడు. ముప్పై నాలుగేళ్లు రెవెన్యూలో నలిగి డిప్యూటీ తహసీల్దారుగా రిటైరయిన మనిషి. అంతకు ముందు తెనాలి దగ్గర ఓ పల్లెలో కరణంగారబ్బాయి. మ్యూనిక్‌లో మా ఇంటికి వచ్చిన మూడు వారాల్లో చర్చిలూ మ్యూజియాలూ చూసి విసిగిపోయాడు. ఇటలీకి దక్షిణాన ఉన్న సిసిలీ ద్వీపానికి పోదామా అంటే మొదట "మళ్లీ చర్చిలేగా" అన్నాడు. అక్కడ ఎనిమిది వందల ఏళ్ల కిందటి భూమి లెక్కలు ఇంకా ఉన్నాయనీ, అవి అరబ్బీలో ఉన్నాయనీ, రాయించింది మాత్రం ఫ్రాన్సు నుంచి వచ్చిన క్రైస్తవ ప్రభువులనీ చెప్పాను. మర్నాడు పొద్దున్నే సూట్‌కేసు సర్దుకుని హాల్లో కూర్చున్నాడు. విమానం ఇంకా నాలుగు రోజులుంది.

సిసిలీ రాజధాని పలెర్మోలో మేం బుక్ చేసుకున్న ఫ్లాట్‌కి లిఫ్టు ఉందని రాశారు. వెళ్లి చూస్తే లిఫ్టు తలుపు మీద ఇటాలియన్‌లో ఓ కాగితం అంటించి ఉంది. చదవకుండానే అర్థమైంది. నాలుగంతస్తులు, తొంభై రెండు మెట్లు. లెక్క నాది కాదు, మావయ్యది. ఆయన మోకాళ్ల గురించి నాకు టెన్షన్. ఆయనకి మాత్రం మెట్ల బాధ కన్నా అబద్ధం రాశారన్న కోపమే ఎక్కువ. "రికార్డులో ఒకటి, ఫీల్డులో ఒకటి" అని గొణుక్కుంటూ ఎక్కాడు.

పొద్దున్న బల్లారో సంతలో పనెల్లె తిన్నాం. శనగపిండి ఉడకబెట్టి, ఆరనిచ్చి, పల్చగా కోసి నూనెలో వేయించి బన్నులో పెట్టిస్తారు, పైన నిమ్మకాయ పిండుతారు. మావయ్య ఒకటి తిని, "బజ్జీలో మిరపకాయ పెట్టడం మర్చిపోయారు" అని తీర్పు చెప్పి ఇంకోటి అడిగాడు.

సంత నుంచి నార్మన్ల ప్యాలెస్‌కి నడిచే వెళ్లొచ్చు. దారిలో ఒక బెంచీ మీద కూర్చోబెట్టి కథ మొదలుపెట్టాను, లేకపోతే లోపల ప్రతి గోడ దగ్గరా అడుగుతాడు. ఉత్తర ఫ్రాన్సులో నార్మండీ. అక్కడ తాంక్రెడ్ ద ఓత్‌విల్ అని ఓ చిన్న దొర. ఇద్దరు భార్యల మీద పన్నెండు మంది కొడుకులు. ఉన్న కాస్త భూమి పన్నెండు ముక్కలు చేస్తే ఎవరికీ పొయ్యి వెలగదు. అందుకని చాలామంది గుర్రమూ కత్తీ పట్టుకుని దక్షిణ ఇటలీకి కిరాయి సిపాయిలుగా దిగారు. అదే నార్మండీ నుంచి 1066లో విలియం ఇంగ్లండ్ మీద పడ్డాడంటే అతనికి డ్యూక్ పదవి ఉంది, ఓడలున్నాయి, సైన్యముంది. ఈ అన్నదమ్ములకి అవేమీ లేవు. వీళ్లలో రాబర్ట్‌ని గిస్కార్డ్ అనేవాళ్లు, అంటే జిత్తులమారి. మొదట్లో కలాబ్రియాలో దోపిడీలు చేసుకుని బతికాడు. 1059లో మెల్ఫీలో పోప్ రెండో నికోలస్ అతనికి బిరుదులిచ్చాడు. అపూలియా, కలాబ్రియాలకి డ్యూక్, "కాబోయే" సిసిలీ డ్యూక్ అని. అప్పటికి సిసిలీలో అతనికి అడుగు నేల లేదు. అదంతా అరబ్బు అమీర్ల చేతిలో ఉంది.

మావయ్య బెంచీ మీద నుంచి లేచి నిలబడ్డాడు. "అంటే పట్టా ముందు, పొలం తర్వాత!"

ఆ పొలం స్వాధీనం కావడానికి ముప్పై ఏళ్లు పట్టింది. అమీర్లు తమలో తాము కొట్టుకుంటుంటే వాళ్లలో ఒకడు, ఇబ్న్ అల్ తుమ్నా, స్వయంగా వీళ్లని పిలిచాడు. 1061లో మెస్సీనా, 1072 జనవరిలో పలెర్మో, చివరికి 1091లో నోతో. అన్న రాబర్ట్ ఇటలీ ప్రధాన భూభాగంలోనూ బైజాంటియం మీదా యుద్ధాల్లో తలమునకలయ్యాడు. సిసిలీ మిగిలింది ఆఖరి తమ్ముడు రోజర్‌కి. అతని వెంట ఉన్న నార్మన్ గుర్రపు సిపాయిలు మహా అయితే కొన్ని వందలు. ద్వీపంలో జనం అరబ్బీ మాట్లాడే ముస్లింలు, గ్రీకు మాట్లాడే క్రైస్తవులు, మధ్యలో యూదులు. శిస్తు ఎవడు ఎంత కట్టాలో, ఏ చేను ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఈ గుర్రాల వాళ్లకేం తెలుసు? తెలిసిన గుమాస్తాలని కూర్చోబెట్టి, పాత పద్ధతిలోనే రాయమన్నాడు. పన్ను కూడా పాతదే. జిజియా అనగానే మనకి బడిలో చదువుకున్న ఔరంగజేబు గుర్తొస్తాడు. ఇక్కడ క్రైస్తవ ప్రభువులు అదే పేరుతో, అదే పన్నుని ముస్లింల మీదా యూదుల మీదా వేశారు.

ప్యాలెస్‌లో ఇప్పుడు సిసిలీ ప్రాంతీయ అసెంబ్లీ నడుస్తోంది. లోపల చాపెల్ బయట గోడకి ఒక పాలరాతి పలక ఉంది. 1142 నాటిది. రోజర్ కొడుకు రెండో రోజర్ నీటి గడియారం ఒకటి చేయించి, ఆ సంగతి రాతి మీద చెక్కించాడు. పైన లాటిన్, నడుమ గ్రీకు, అడుగున అరబ్బీ. గడియారం ఎప్పుడో పోయింది, ప్రకటన మిగిలింది. జనమంతా దాన్ని దాటుకుని బంగారు మొజాయిక్‌ల వైపు వెళ్లిపోతుంటే మావయ్య ఒక్కడే అక్కడ ఆగిపోయాడు. కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు.

"డైగ్లాట్ తెలుసుగా నీకు?"

తెలియదన్నాను. మా జిల్లాల్లో పాత సెటిల్‌మెంట్ రిజిస్టర్‌ని అలా అంటారట, ఇంగ్లీషూ తెలుగూ రెండూ ఉంటాయి కాబట్టి. సర్వే నంబరు తగాదా వచ్చినప్పుడు ఆఖరి మాట దానిదేనట. "ఇక్కడ మూడోది కూడా పెట్టారు చూశావా" అన్నాడు, తన ఆఫీసులో కొత్త కాలమ్ చేర్చినంత గంభీరంగా.

చాపెల్ లోపల నేను వర్ణించను, ఆ బంగారం ఫోటోలు అందరూ చూసే ఉంటారు. పైకప్పు గురించి మాత్రం చెప్పాలి. గోడల మీద ఏసూ, పీటరూ, పాలూ గ్రీకు శైలి మొజాయిక్‌లలో ఉంటే, నెత్తి మీద కొయ్య కప్పు తేనెపట్టులా గూళ్లు గూళ్లుగా కిందికి వేలాడుతుంది. అది ముస్లిం కళాకారుల పని. ఫోన్ కెమెరా జూమ్ చేస్తే ఒక్కో గూట్లో ఒక్కో మనిషి. ఒకడు వీణ లాంటిదేదో వాయిస్తున్నాడు, ఒకడు కాళ్లు మడుచుకుని కూర్చుని గిన్నెలో తాగుతున్నాడు. కింద పూజ జరుగుతుంటే పైన కచేరీ, విందు. రెండో రోజర్ 1130లో క్రిస్మస్ రోజున రాజు కిరీటం పెట్టుకున్నాడు. మూడేళ్లకి పలెర్మోలో కుట్టిన అతని రాజవస్త్రం అంచు పొడుగునా అరబ్బీ అక్షరాలే, దాని మీద తేదీ కూడా హిజ్రీ లెక్కలోనే ఉంటుంది. ఇప్పుడది వియన్నాలో ఉంది. క్రైస్తవ రాజు పటాటోపానికి కైరో రాజుల దర్జా అరువు తెచ్చుకున్నాడని నాకనిపిస్తుంది. ఇదేదో మత సామరస్యం అని గైడ్లు మురిసిపోతారు గానీ, నేనంత దూరం పోను.

బయట వరండాలో నీడన కూర్చున్నాక, నేను దాచిపెట్టుకున్న కథ చెప్పాను. 1161. రోజర్ కొడుకు మొదటి విలియం మీద దొరలు తిరగబడి ఈ ప్యాలెస్‌లోకే జొరబడ్డారు. రాజుని బంధించారు, ఖజానా దోచారు. బజార్లో కొట్ల దగ్గరున్న ముస్లింలనీ, దివాన్‌లో పన్ను వసూలు చేస్తున్న ముస్లింలనీ దొరికిన వాళ్లని దొరికినట్టు చంపారు. ఆ గొడవలోనే భూమి రిజిస్టర్లూ పోయాయి. ఎవరి జాగీరు ఎంత, ఎవరు ఏం చెల్లించాలి అన్నీ వాటిలోనే. ఆ రిజిస్టర్లని లాటిన్ రాతల్లో ఏమన్నారో తెలుసా అన్నాను. దెఫెతారీ. అరబ్బీ 'దఫ్తర్' నుంచి వచ్చిన మాట.

"దఫ్తరే!" అన్నాడు మావయ్య. పక్కనున్న జర్మన్ దంపతులు వెనక్కి తిరిగి చూశారు.

దఫ్తరే. దివాన్ కూడా మన దివాణమే. ఇటలీలో కస్టమ్స్‌ని ఇవాళ్టికీ 'దొగానా' అనేది ఆ మాట నుంచే. సరే, తిరుగుబాటు అణిగింది, రాజు బయటపడ్డాడు, మరి లెక్కలు? వాటిని గుర్తు తెచ్చుకుని మళ్లీ రాయగలవాడు ఒక్కడే ఉన్నాడు, మాత్యూ అనే నోటరీ. అతనేమో జైల్లో ఉన్నాడు. జైలు నుంచి తీసుకొచ్చి కూర్చోబెట్టి కొత్త దఫ్తర్లు రాయించారు. తర్వాత అతను రాజ్యంలో పెద్ద పెద్ద పదవులే చేశాడు.

మావయ్య చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత వాళ్ల నాన్నగారి సంగతి చెప్పాడు. ఇది నేనెప్పుడూ వినలేదు. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణాల్నీ మునసబుల్నీ ఒక్క ఆర్డినెన్సుతో తీసేసింది. తాతయ్య అడంగళ్లూ పటాలూ మూటగట్టి అప్పజెప్పి, రసీదు తీసుకుని ఇంటికొచ్చి పడక్కుర్చీలో పడుకున్నాడట. ఆర్నెల్లు తిరక్కుండానే కొత్తగా వచ్చిన కుర్రాడు సైకిలేసుకుని ఇంటికొచ్చాడట, "తాతగారూ, పెద్దచెరువు కింద గట్టు రాయి ఎక్కడుందో కాస్త చూపిస్తారా" అని. "వెళ్లాడా తాతయ్య?" అన్నాను. "వెళ్లక? పంచె మార్చుకుని మరీ వెళ్లాడు."

మధ్యాహ్నం మార్తొరానా చర్చి చూశాం. రోజర్ నౌకాధిపతి, అంతియోక్ జార్జి కట్టించింది. అతని పదవి 'అమీర్లకి అమీరు', ఇంగ్లీషు అడ్మిరల్ మాట పుట్టుక కూడా అమీరులోనే ఉంది. లోపల ఏసు చేత్తో కిరీటం పెట్టించుకుంటున్న రోజర్ మొజాయిక్. తల మీద అతని పేరు, 'రాజు' అనే లాటిన్ మాట గ్రీకు అక్షరాల్లో. మావయ్య కాళ్లు లాగుతున్నాయన్నాడు, పది నిమిషాల్లో బయటపడ్డాం. చెఫాలు అనే సముద్రపు ఒడ్డు ఊరికైతే రైల్లో వెళ్లి, అక్కడి చర్చిలో క్రీస్తు మొజాయిక్ కింద కాసేపు కూర్చుని, నేను సముద్రంలో కాళ్లు తడుపుకుని వచ్చేశాం. అక్కడ ఆయనకి నచ్చింది చేపలు మాత్రమే.

మొన్రియాలె దగ్గర కథ మారింది. కొండ మీద ఆ చర్చి, మఠం కట్టించింది రెండో రోజర్ మనవడు రెండో విలియం, 1170లలో. లోపల ఆరు వేల చదరపు మీటర్లకి పైనే మొజాయిక్. మఠం నడవలో జంట జంటలుగా 228 స్తంభాలు. ఒక్కదాని తల ఇంకోదానిలా ఉండదు. ఒకదాని మీద విలియం బొమ్మ చర్చిని ఎత్తి మేరీమాతకి సమర్పిస్తుంటాడు. బొమ్మరిల్లంత ఉంటుంది ఆ చర్చి. అంత చిన్నదాన్ని ఎత్తడానికి రాజుగారికి ఎంత శ్రద్ధో.

"దేవుడి మాన్యం ఎంతిచ్చాడు?" మావయ్య ప్రశ్న.

పశ్చిమ సిసిలీలో పెద్ద ముక్కే ఇచ్చాడు. ఊళ్లతో, మనుషులతో సహా. 1182 నాటి హద్దుల పత్రం ఉంది. ఫలానా వాగు, ఫలానా రాయి, ఫలానా చెట్టు అంటూ లాటిన్‌లో, అరబ్బీలో. మనుషుల జాబితాలు వేరే. వాటిని జరీదా అంటారు. 1178 జరీదాలో కొర్లియోనె, కలత్రాసి ఊళ్ల ముస్లిం రైతుల పేర్లుంటాయి, అరబ్బీలోనూ గ్రీకులోనూ. కొర్లియోనె అనగానే మాఫియా అన్నాడు. అదే ఊరు. అసలు కాగితాలు మాబోటివాళ్లకి చూపించరు గనుక, ఫోన్లో ఫోటో చూపించాను. వరసలు వరసలుగా పేర్లు, ఫలానా వాడి కొడుకు ఫలానా. వాళ్లు ఆ భూమితో పాటే మఠానికి చెందుతారు. జాబితాకెక్కిన వాడు ఊరొదిలి తన దారిన తాను పోవడానికి లేదు.

మావయ్య ఫోను తిరిగివ్వలేదు. "మా అడంగల్లో భూమి పక్కన మనిషి పేరుండేది. ఇక్కడ మనిషే భూమి పక్కన రాసిన ఆస్తి" అన్నాడు.

విలియం ఆస్థానాన్ని 1184 చివర్లో గ్రనడా నుంచి మక్కా వెళ్లి తిరిగొస్తున్న యాత్రికుడు ఇబ్న్ జుబైర్ చూశాడు. ఓడ మెస్సీనా దగ్గర పగిలి ఇక్కడ దిగాడు. రాజు అరబ్బీ చదువుతాడు, రాస్తాడు అని మెచ్చుకున్నాడు. ప్యాలెస్ ఉద్యోగుల్లో చాలామంది పైకి క్రైస్తవులు, లోపల ముస్లింలు అని కూడా రాశాడు. ఊళ్లలో ముస్లింలు ఏడాదికి రెండు సార్లు పన్ను కట్టాలని కూడా. 1189లో విలియం పిల్లల్లేకుండా పోయాడు. వెంటనే పలెర్మోలో ముస్లింల మీద దాడులు, వాళ్లు కొండలెక్కి తిరుగుబాటు. రెండో రోజర్ మనవడే అయిన ఫ్రెడరిక్ చక్రవర్తి 1220లలో వాళ్లని వేల సంఖ్యలో పట్టుకుని ఇటలీ ప్రధాన భూభాగంలో లుచేరాకి తోలించాడు. మొన్రియాలె మఠం చుట్టుపక్కల ఊళ్లు ఖాళీ అయ్యాయి. స్తంభాలు 228 ఉన్నాయి.

ఆఖరి రోజు జీసా. విలియంల వేసవి విడిది, 'అజీజా' అనే అరబ్బీ మాట అరిగి జీసా అయింది. లోపల హాల్లో గోడ నుంచి నీళ్లు జారి నేల మీద సన్నటి కాలువలో పారే ఏర్పాటు, మేం వెళ్లినప్పుడు ఎండిపోయి ఉంది. అక్కడే గ్రిసాందుస్ అనే ఆస్థాన పూజారి తన తల్లి అన్నకి చెక్కించిన సమాధి రాయి ఉంది. ఆమె పోయింది 1148 ఆగస్టులో. నాలుగు వైపులా నాలుగు రాతలు. లాటిన్, గ్రీకు, అరబ్బీ, హీబ్రూ అక్షరాల్లో రాసిన అరబ్బీ. తేదీ కూడా ఎవరి లెక్కలో వాళ్లకి.

"మా ఆఫీసులో ఒక్క భాషలో డెత్ సర్టిఫికెట్ తీసుకోవడానికే మూడు సార్లు తిరిగేవాళ్లు పాపం" అన్నాడు మావయ్య. జేబులోంచి డైరీ తీసి 'అన్నమ్మగారు, 1148' అని రాసుకున్నాడు.

రాత్రి మెట్లెక్కుతూ రెండో అంతస్తు మలుపులో కూలబడ్డాడు. మంచినీళ్ల బాటిల్ ఇస్తే పక్కన పెట్టి, "ఆ కొర్లియోనె కాగితం ఇంకోసారి చూపించు" అన్నాడు. ఇద్దరికీ అరబ్బీ రాదు. రెండు వేళ్లతో పెద్దది చేసి, ఒక్కో పేరు మీదా వేలు ఆనిస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. పాతికో ముప్పయ్యో అయ్యాక మెట్ల దగ్గర లైటు దానంతటదే ఆరిపోయింది. నేను తడుముకుంటూ వెళ్లి స్విచ్ నొక్కి వచ్చేసరికి, మళ్లీ మొదటి నుంచి లెక్కపెడుతున్నాడు.