ముఖం ఒక చోట, గొంతు ఒక చోట

టీవీలో నన్ను రోజూ తిట్టుకునేవాళ్లలో చాలామందికి నా గొంతు ఎలా ఉంటుందో తెలియదు. కోడలి పాల గ్లాసులో ఏదో కలిపి, పైట సర్దుకుంటూ ఓరగా నవ్వే అత్తగారిని నేనే. "ఈ ఇంట్లో నా మాటే చెల్లాలి" అని గద్దించేది మాత్రం నేను కాదు. ఆ గొంతు మోతీనగర్‌లో ఉండే ఒక డబ్బింగ్ ఆర్టిస్టుది. మొన్న ఎర్రగడ్డ రైతుబజార్లో బెండకాయలు ఏరుతుంటే ఒకావిడ గుర్తుపట్టి పలకరించింది. నేను రెండు మాటలు మాట్లాడానో లేదో, "జలుబు చేసిందా అమ్మా, గొంతు మారిపోయింది?" అంది. అవునన్నాను. కనిపించిన ప్రతివాళ్లకీ డబ్బింగ్ గురించి చెప్తూ నిలబడితే ఇంటికి చేరేదెప్పుడు?

తమాషా ఏమిటంటే, గొంతుతోనే బతుకుదామని బయల్దేరినదాన్ని నేను. మాది చిక్కడపల్లి. నాన్న ఏజీ ఆఫీసులో క్లర్కు. త్యాగరాయ గానసభ మా వీధి నుంచి నాలుగడుగులు. సాయంత్రం అయితే ఎవరిదో కచేరీ, ఎవరిదో నాటకం, లేకపోతే ఎవరికో సన్మానం. సన్మానాలప్పుడు మాత్రం మేం వెనక వరుసలో కూర్చుని శాలువాలు లెక్కపెట్టేవాళ్లం. అమ్మది జనగామ వైపు. బతుకమ్మ రోజుల్లో అమ్మ పాట ఎత్తుకుందంటే పక్కవాడల ఆడవాళ్లు కూడా వచ్చి చేరేవాళ్లు. శ్రుతి గురించి ఎవరూ చెప్పకుండానే అమ్మకి శ్రుతి తెలుసు. నాకు మాత్రం నేర్పించాలని నాన్న రామ్‌కోటిలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో చేర్పించారు. నాలుగేళ్ల సర్టిఫికెట్ కోర్సు, ఆపైన రెండేళ్ల డిప్లొమా. మాయామాళవగౌళలో సరళీ స్వరాలు, జంట స్వరాలు, ఏడు అలంకారాలు, గీతాలు దాటుకుని వర్ణాల దాకా వచ్చేసరికి నాకు పెళ్లి సంబంధాలు కూడా రావడం మొదలైంది. మా మాస్టారికి సంబంధాలతో పని లేదు. మోహన వర్ణం రెండో కాలంలో తడబడితే మళ్లీ మొదటి నుంచి పాడించేవారు. బయట బస్సు పోతున్నా సరే.

ఆకాశవాణిలో లలిత సంగీతం ఆడిషన్‌కి వెళ్లి బి గ్రేడు తెచ్చుకున్నాను. బి, బి-హై, ఎ, టాప్ అని అక్కడి మెట్లు. బి గ్రేడు వాళ్లకి ఏడాదిలో దక్కే ప్రోగ్రాములు కొద్దే. ఆ చెక్కుతో మహా అయితే సుల్తాన్ బజార్లో ఒక చీర వచ్చేది. అయినా సైఫాబాద్ రేడియో స్టేషన్ మెట్లు ఎక్కుతుంటే కాళ్లలో ఒక గర్వం ఉండేది, అది ఇప్పుడు ఏ సెట్‌కి వెళ్లినా రాదు.

రామంతాపూర్ దూరదర్శన్ సంగతి వేరు. హైదరాబాద్ కేంద్రం మొదలైంది 1977లో. మా ఇంట్లోకి టీవీ వచ్చింది చాలా తర్వాత. శాంతి స్వరూప్ గారు వార్తలు చదువుతుంటే నాన్న అన్నం కలపడం ఆపేసేవారు. శుక్రవారం చిత్రలహరికి పక్కింటివాళ్లు మా ఇంట్లోనే ఉండేవాళ్లు. ఆ రామంతాపూర్‌కి నన్ను ఒక లలిత గీతం పాడమని పిలిచారు. పాట ముందు రికార్డు చేశారు. తర్వాత కెమెరా ముందు కూర్చోబెట్టి, అదే పాట వేసి, పెదాలు కదపమన్నారు. నా పాటకి నేనే పెదాలు కలపడం! ఏసీ చలికి వణుకుతూనే కలిపాను. అక్కడే ఉన్న ఒక నాటకాల ప్రొడ్యూసర్ గారు వచ్చి, "అమ్మాయ్, లిప్ బాగా కుదిరింది, యాక్ట్ చేస్తావా?" అని అడిగారు. పాట బాగుందని మాత్రం అనలేదు. నా నటన జీవితం అలా మొదలైంది. మొదటి వేషం సంగీతం టీచరు. తర్వాత వదిన, బ్యాంకు ఉద్యోగి, మళ్లీ వదిన.

1995లో ఈటీవీ, జెమిని వచ్చాయి. అప్పటిదాకా వారానికి ఒక ఎపిసోడ్, పదమూడు వారాలకి కథ కంచికి. దూరదర్శన్‌లోనే మంజులానాయుడు గారి 'ఋతురాగాలు' వచ్చాక రోజువారీ సీరియల్ అంటే ఏమిటో జనానికి రుచి తెలిసింది. ఆ తర్వాత ఛానల్‌కి పది సీరియల్స్ కావాలి, సీరియల్‌కి పదిహేను మంది కావాలి, అందులో కనీసం ముగ్గురు వదినలు కావాలి. నాకు పని దొరికిందంటే నా ప్రతిభ కొంత, ఈ లెక్క కొంత.

పాట వదిలేశాననుకోకండి. అదే రోజుల్లో ట్రాకులు పాడేదాన్ని. దీని గురించి కాస్త చెప్పాలి, ఎందుకంటే బయట చాలామందికి తెలియదు. సంగీత దర్శకుడు ట్యూన్ కట్టాక, దర్శకుడికీ నిర్మాతకీ వినిపించడానికి, పెద్ద సింగర్‌కి నేర్చుకోవడానికి, ముందుగా ఎవరో ఒకరు పాడిపెట్టాలి. అదే ట్రాక్. పెద్ద గాయని చెన్నై నుంచో ముంబై నుంచో వచ్చి పాడాక మా గొంతు తీసేస్తారు. ఒక్కోసారి ఆవిడ డేట్లు కుదరక షూటింగ్ కూడా మా ట్రాక్ మీదే జరిగిపోయేది. హీరోయిన్ ఊటీలో నా గొంతుకి పెదాలు కలిపి డాన్స్ చేసేది. రిలీజయ్యాక థియేటర్లో వేరే గొంతు.

కృష్ణానగర్, శ్రీనగర్ కాలనీల్లో కీబోర్డు ప్రోగ్రామర్ల ఇళ్లలో ఒక గదికి స్పంజులు అంటించి స్టూడియో అనేవాళ్లు. ఫ్యాను ఆపాలి, లేకపోతే మైకులో గాలి వినిపిస్తుంది. ఏప్రిల్‌లో, ఫ్యాను లేకుండా, "చల్లని వెన్నెల" అని ఏదో పాట. చేతికి ఒక కవరు, అందులో మూడు వందలు. అయ్యప్ప సీజన్‌కి ముందు, బోనాలకి ముందు క్యాసెట్ల పని ముమ్మరంగా ఉండేది. క్యాసెట్ అట్ట మీద ఫలానా గాయకుడి పేరు, పక్కన "మరియు బృందం" అని ఉండేది. మా ఆయన ఆ అట్ట మా అత్తగారికి చూపించి, "ఇదిగో, నీ కోడలి పేరు" అని బృందం మీద వేలు పెట్టేవారు. ఆవిడ నిజమనే అనుకుంది చాలా కాలం.

తీసేసిన నా పాటల గురించి బాధ లేదా అంటే, ఉంది. ముఖ్యంగా ఒక పాట. చరణంలో ఒక చిన్న గమకం నేను సొంతంగా వేశాను, ట్యూన్‌లో లేదు. తర్వాత పాడిన పెద్దావిడ దాన్ని అచ్చంగా అలాగే దించారు. ఆ పాట ఎఫ్ఎంలో వచ్చినప్పుడల్లా ఆ ముక్క దగ్గర మా ఆయన వాల్యూమ్ పెంచుతారు. ఆ సినిమా పేరు చెప్పను.

ఇక సీరియల్స్‌లో నా గొంతు ఎందుకు వాడలేదంటే రెండు కారణాలు. మొదటిది, నేను మాట్లాడే తెలుగు. మా ఇంట్లో "వచ్చిండు, పోయిండు, ఏంది" అనే మాట్లాడతాం. ఆ రోజుల్లో టీవీలో ఆ యాస పనిమనిషికీ, ఆటోవాడికీ, వీధి రౌడీకీ ఇచ్చేవాళ్లు. వదినకి ఇచ్చేవాళ్లు కాదు. హైదరాబాద్‌లో షూటింగ్, హైదరాబాద్ ఇల్లు, హైదరాబాద్ కుటుంబం అని కథలో చెప్తారు, మాట మాత్రం కృష్ణా జిల్లాది కావాలి. పాడేటప్పుడు ఎవరికీ తెలియని యాస, డైలాగ్ చెప్పగానే బయటపడేది. ఇప్పుడు కాలం మారింది, తెలంగాణ మాట మాట్లాడే హీరోలు, హీరోయిన్లు వచ్చారు. నేను వదిన వయసు దాటాక వచ్చారు, అంతే తేడా. మొదటి సీరియల్ చూసి అమ్మ, "గదెవల గొంతే బిడ్డా? నీ గొంతు ఏడబోయింది?" అని అడిగింది. చెప్పాను. "గట్లయితే నువ్వు గాదన్నట్టు" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. తర్వాత నా సీరియల్స్ ఏవీ చూడలేదు. రేడియోలో నా పాట ఉందంటే మాత్రం పొద్దున్నే స్నానం చేసి కూర్చునేది.

రెండో కారణం శుద్ధ వ్యాపారం. రోజుకొక ఎపిసోడ్ తీయాలి, అంటే యాడ్లు పోగా ఇరవై రెండు నిమిషాల సరుకు. పొద్దున ఏడింటికి మేకప్, తొమ్మిదింటికి మొదటి షాట్, రాత్రి తొమ్మిది దాకా. డైలాగులు బట్టీ పట్టే టైమ్ లేదు. కెమెరా పక్కన ఒక అసిస్టెంట్ డైరెక్టర్ నిలబడి డైలాగ్ గట్టిగా చదువుతాడు, విని మేం అంటాం. దాన్ని ప్రాంప్టింగ్ అంటారు. హీరోయిన్ బెంగళూరు అమ్మాయి అయితే, మధ్యాహ్నానికి ఆమె నోట్లో తెలుగు, కన్నడం కలిసిపోయి ఉంటాయి. ఏం పర్లేదు, పెదాలు కదిలితే చాలు. నేను మరుసటి రోజు వేరే సెట్‌లో ఇరుక్కుని ఉంటాను కాబట్టి డబ్బింగ్‌కి నన్ను పిలిచే వీలే లేదు. అక్కడ గాజు గదిలో, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, మోతీనగర్ చెల్లెలు నా పెదాలు చూస్తూ నా మాటలు చెప్పేస్తుంది. అదే ఎపిసోడ్‌లో నర్సుకీ, పక్కింటి ఆంటీకీ కూడా తనే. ఏడుపు సీన్లకి ఎక్కువ డబ్బులేం ఇవ్వరు. గొంతు మాత్రం ఎక్కువే పోతుంది.

మేం కలవడానికి ముందు చాలా ఎపిసోడ్లు అయిపోయాయి. ఒకసారి పేమెంట్ కోసం ఆఫీసుకి వెళితే తనూ చెక్కు కోసమే వచ్చి కూర్చుంది. మూడు నెలలుగా ఇద్దరికీ బాకీ. అక్కడి మేనేజరు, "ఇద్దరివీ ఒకే క్యారెక్టర్ కదమ్మా" అని జోకు వేశాడు. ఇద్దరం నవ్వలేదు.

సినిమాల్లో ముఖం, గొంతు రెండూ ఒక మనిషిలోనే ఉన్న రోజులు ఉండేవి. భానుమతి గారు తన పాట తనే పాడుకున్నారు, 'మల్లీశ్వరి' వచ్చి డెబ్బై ఏళ్లు దాటినా ఆ ముఖాన్నీ ఆ గొంతునీ విడదీసి ఊహించుకోలేం. పైగా ఆవిడ అత్తగారి కథలు కూడా రాశారు, నేను అత్త వేషాలకే పరిమితమయ్యాను. బాలనటిగా వచ్చిన రావు బాలసరస్వతీదేవి గారే తెలుగులో తొలి నేపథ్య గాయని అయ్యారు. ప్రహ్లాదుడిగా ఇంటింటికీ తెలిసిన రోజారమణి గారు పెద్దయ్యాక ఎంతమంది హీరోయిన్లకు గొంతు ఇచ్చారో! సునీత గారు 1995లో 'గులాబీ' పాటతో వచ్చి, పాటతో పాటు డబ్బింగ్‌లోనూ పేరు తెచ్చుకున్నారు. నంది అవార్డుల్లో డబ్బింగ్‌కి కూడా ఒక నంది ఉండేది. సీరియల్ చివర్లో డబ్బింగ్ పేర్లు పడే వేగానికి మాత్రం ఏ కన్నూ చదవలేదు. నాకు నిజంగా కోపం వచ్చే విషయం ఇదొక్కటే.

మిగతావన్నీ అలవాటైపోయాయి. చీరలు మనవే తెచ్చుకోవాలి. పండగ ఎపిసోడ్ అని ఫోన్ వస్తే బీరువా ముందు టెన్షన్. కంటిన్యూటీ కోసం ఏ గాజు ఏ చేతికి వేసుకున్నామో ఫోన్లో ఫోటో తీసి పెట్టుకోవాలి. గురువారం రేటింగ్స్ వస్తాయి. అవి పడిపోతే శుక్రవారం నాకు గుండెపోటు రావచ్చు, లేకపోతే కాశీకి పంపేస్తారు. చాలాసార్లు చచ్చాను. చచ్చాక గోడ మీద దండేసిన నా ఫోటో నెలల తరబడి కనిపిస్తూనే ఉంటుంది, దాని ముందు నిలబడి కొడుకు ప్రతి వారం ఏడుస్తాడు. ఆ ఫోటోకి రెమ్యూనరేషన్ లేదు. అడిగి చూశాను.

2020లో షూటింగులు ఆగినప్పుడు ఇంట్లో హార్మోనియం దుమ్ము దులిపి, ఆన్‌లైన్లో పిల్లలకి సంగీతం చెప్పడం మొదలుపెట్టాను. నెట్ ఆలస్యంగా అందడంతో తాళం ఒక చోట, స్వరం ఒక చోట. ఇప్పుడు యూసుఫ్‌గూడ ఇంట్లోనే ఆదివారాలు చెప్తున్నాను. పిల్లల్ని దింపడానికి వచ్చే తల్లులు మొదటి రోజు గుమ్మంలో కొంచెం జంకుతారు, పాల గ్లాసు గుర్తొస్తుంది కాబోలు.

కొద్ది నెలల కింద ఇప్పటి సీరియల్‌లో వరలక్ష్మీ వ్రతం ఎపిసోడ్ తీశాం. అత్తగారు హారతి ఇస్తూ పాడాలి. సెట్‌లో పాట సిద్ధంగా లేదు. డైరెక్టర్ మా అబ్బాయి వయసువాడు. "అమ్మా, ఏదో ఒకటి అనేయండి, తర్వాత వేయించుకుందాం" అన్నాడు. మా అమ్మ పాడే మంగళహారతి ఎత్తుకున్నాను. కరెంటు పోలేదు, జనరేటర్ మోగలేదు, పై ఫ్లోర్‌లో ఎవరూ కుర్చీ జరపలేదు. సీరియల్ సెట్‌లో అలా జరగడం అరుదు. ఎడిటింగ్‌లో ఆ అబ్బాయి విని, "ఇది ఉంచేద్దాం" అన్నాడట. నాకెవరూ చెప్పలేదు, టీవీలో చూశాకే తెలిసింది. హారతి నా గొంతుతో అయిపోయింది, పళ్లెం కింద పెట్టి "కోడలా, ఇలా రా" అనగానే ఆ గొంతు.

మర్నాడు మోతీనగర్ నుంచి ఫోన్. "అక్కా, నువ్వు అంత పై శ్రుతిలో పాడి కూర్చుంటే తర్వాతి డైలాగ్ నేను ఎక్కడ అందుకోవాలి? ఇంజినీరు అతకట్లేదు అతకట్లేదు అని నాలుగు టేకులు చెప్పించాడు. ఈసారి పాడేముందు నాకొక మాట చెప్పు. ఆ టేకులకి నువ్వు టిఫిన్ బాకీ" అంది. అమీర్‌పేటలో పెసరట్టు ఉప్మా అని ఒప్పుకున్నాను. రెండు ప్లేట్లు కావాలట, ఒకటి నర్సుకి.