పాత మందు గ్రూపులో నేను

జబ్బు తిరగబెట్టిందని డాక్టరమ్మ చెప్పిన రోజు నాకు ఏడుపు రాలేదు. మొదటిసారే చాలా ఏడ్చాను. 2019లో నడుం నొప్పి వస్తే అంగన్‌వాడీలో పిల్లల్ని ఎత్తీ దించీ వచ్చిందనుకున్నాను. దగ్గర్లోని ఆస్పత్రిలో కూడా అదే మాట అని నొప్పి గోలీలు రాసిచ్చారు. మూడు నెలలకు వెన్నుపూస ఒకటి కుంగిపోయాక గానీ మల్టిపుల్ మైలోమా అని తేలలేదు. ఎముక మజ్జలో ప్లాస్మా కణాలు అదుపు తప్పి పెరిగే రక్త క్యాన్సర్ అది. బోర్టెజోమిబ్ సూదులు, లెనాలిడోమైడ్ గోలీలు నన్ను నాలుగేళ్ళు కాపాడాయి. ఆ తర్వాత రక్తంలో ఎం ప్రోటీన్, అంటే ఆ జబ్బు కణాలు వదిలే ప్రోటీన్, మళ్ళీ పెరగసాగింది.

హైదరాబాద్‌లో నన్ను చూసే డాక్టరమ్మ రెండు దారులు చెప్పారు. ఒకటి, డారటుముమాబ్ అనే ఖరీదైన మందు కొనుక్కోవడం. పరకాల దగ్గర మాకున్న పత్తి చేను అమ్మినా అది ఏడాది రాదు. రెండోది, తిరగబెట్టిన మైలోమాకు ఒక కొత్త మందును రోగుల మీద పరీక్షించి చూసే ట్రయల్‌లో చేరడం. ఆ పరీక్ష మూడో దశలో ఉంది. సగం మందికి కొత్త మందు, సగం మందికి ఇప్పుడు వాడుకలో ఉన్న మంచి మందులు. ఎవరికి ఏది అన్నది కంప్యూటర్ తేలుస్తుంది. ఏది వచ్చినా మందులకు డబ్బు కట్టనక్కర్లేదు.

ఒప్పుకోలు పత్రం తెలుగులోనే ఇచ్చారు. అక్కడే సంతకం పెట్టమని ఎవరూ తొందర చేయలేదు. ఇంటికి తెచ్చుకుని, రాత్రి అన్నాలయ్యాక అరుగు మీద కూర్చుని మా ఆయనకు వినిపిస్తూ చదివాను. ముప్పై పేజీలకు మూడు రాత్రులు పట్టింది. మా చెల్లె ఫోన్ చేసి, "ఎలుకల మీద చేసినట్టు నీ మీద చేస్తరా అక్కా, వద్దే" అని ఒకటే గోల. దాని భయమే నాకూ ఉంది. అందుకే పిల్లల నోటుబుక్కు వెనక పదకొండు ప్రశ్నలు రాసుకుని వెళ్ళాను. ఉత్త గోలీ ఇస్తారా? మధ్యలో మానేస్తే ఇక్కడ వైద్యం ఆపేస్తారా? మందు వల్ల ఏమన్నా అయితే ఖర్చు ఎవరిది? డాక్టరమ్మ ఒక్కో ప్రశ్నకూ పత్రంలో ఆ మాట ఉన్న చోటు చూపించి మరీ జవాబు చెప్పారు. ఎప్పుడు మానుకున్నా నా ఇష్టమేనట, వైద్యం ఆగదట. చివరి పేజీలో ఎథిక్స్ కమిటీ, అంటే ట్రయల్‌లో చేరినవాళ్ళకు అన్యాయం జరగకుండా చూసే కమిటీ, నంబర్ ఉంది. అది పనిచేస్తుందో లేదోనని ఫోన్ చేశాను. ఎత్తారు, ఓపిగ్గా మాట్లాడారు. నా ధైర్యంలో సగం ఆ ఫోన్‌తోనే వచ్చింది.

గర్భం గురించిన పేజీ నాకెందుకని అడిగితే, ట్రయల్‌లో ఇచ్చే పొమాలిడోమైడ్ అనే మందు థాలిడోమైడ్ కుటుంబంలోదని చెప్పారు. థాలిడోమైడ్ వాడిన తల్లులకు చేతులూ కాళ్ళూ సరిగా లేని బిడ్డలు పుట్టడంతో 1961లో జర్మనీలో దాన్ని ఆపేశారు. 1999లో అదే థాలిడోమైడ్ మైలోమాకు పనిచేస్తుందని తేలింది. రోజూ చిన్నపిల్లల మధ్య ఉండే నాకు ఆ పేజీ గుండెలో గుచ్చుకుంది.

తర్వాత టెస్టులు. తుంటి ఎముక నుంచి మజ్జ తీసేటప్పటి లాగుడు కన్నా నాకు ఇరవై నాలుగు గంటల మూత్రం పట్టడమే కష్టమైంది. పొద్దున మొదటిది వదిలేసి, మర్నాడు అదే వేళ దాకా ఒక్క చుక్క పోకుండా పట్టాలి. ఆ క్యాన్‌ని తడి తువ్వాలలో చుట్టి కాళ్ళ మధ్య పెట్టుకుని హన్మకొండ నుంచి ఉప్పల్ దాకా బస్సులో కూర్చున్నాను. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా రెండు చేతులా పట్టుకున్నాను.

కంప్యూటర్ నన్ను పాత మందుల గ్రూపులో వేసింది.

అప్పుడు ఏడ్చాను. ఇంతా చేసి నాకు రాలేదే అని. డాక్టరమ్మ కుర్చీ దగ్గరకు జరుపుకుని చెప్పారు: "అమ్మా, మొదటిసారి మీకు పనిచేసిన బోర్టెజోమిబ్‌నీ ఇలాగే చూశారు. 2005లో ఫలితాలు వచ్చిన పరీక్షలో 669 మంది ఉన్నారు. దాదాపు సగం మందికి డెక్సామెథాసోన్ అనే పాత స్టెరాయిడ్ మందు ఒక్కటే ఇచ్చారు. వాళ్ళతో పోల్చబట్టే కొత్తది మేలని తెలిసింది. మీ గ్రూపు లేకపోతే ఎవరితో పోల్చి చెప్పమంటారు?" నా నాలుగేళ్ళ వెనక పాత మందు తీసుకున్న అంతమంది ఉన్నారని నాకు అప్పటిదాకా తెలియదు.

నిజానికి నాకొచ్చింది తక్కువదేమీ కాదు. పొట్ట చర్మం కింద డారటుముమాబ్ సూది ఎనిమిది వారాలు వారానికొకటి, తర్వాత రెండు వారాలకొకటి, ఆరో సైకిల్ (ఒక్కో సైకిల్ నాలుగు వారాలు) దాటాక నెలకొకటి. పొమాలిడోమైడ్ 21 రోజులు వేసుకుని ఏడు రోజులు ఆపాలి. డెక్సామెథాసోన్ వేసుకున్న రాత్రి నిద్రే ఉండదు.

మూడో నెలలో తెల్ల రక్తకణాల కౌంట్ పడిపోయి న్యుమోనియా వచ్చింది. హన్మకొండలోనే చేరాను. హిమోగ్లోబిన్ తగ్గి రక్తం ఎక్కించాల్సి వస్తే, బ్లడ్ బ్యాంకులో ఏ సీసా తెచ్చినా క్రాస్ మ్యాచ్, అంటే ఆ రక్తం నాకు సరిపడుతుందో లేదో చూసే టెస్టు, కుదరడం లేదన్నారు. మా ఆయన చేతులు వణికాయి. అప్పుడు నా పర్సులోని కార్డు గుర్తొచ్చింది. డారటుముమాబ్ ఎర్ర రక్తకణాలకు కూడా కొద్దిగా అంటుకుంటుంది, అందుకే ఈ టెస్టు తికమక పెడుతుంది. మొదటి సూదికి ముందే నా బ్లడ్ గ్రూపు వివరాలన్నీ పరీక్షించి కార్డు మీద రాసిచ్చారు. అది చూపించాక సాయంత్రానికి రక్తం దొరికింది. ట్రయల్‌లో ఉన్నవాళ్ళు ఇలా ఆస్పత్రిలో చేరితే 24 గంటల్లో పైకి తెలపాలన్నది నియమం. నేను ఫోన్ చేసిన పూటే కోఆర్డినేటర్ వివరాలన్నీ రాసుకుంది. బిల్లు వాళ్ళే కట్టారు. ఈ మందు మీద ఉన్నవాళ్ళు ఆ కార్డు మాత్రం ఇంట్లో బీరువాలో పెట్టకండి, ఒంటి మీదే ఉంచుకోండి.

ఇప్పుడు పద్నాలుగో సైకిల్. ఎం ప్రోటీన్ బాగా దిగి, ఐదు నెలలుగా అక్కడే ఉంది. హుస్నాబాద్ నుంచి వచ్చే పెద్దాయనకు కొత్త మందు పడింది. ఆయనకు చదువు రాదు, ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి పక్కన ఉండగా పత్రమంతా చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నారట. మా ఇద్దరికీ ఒకే రోజు పిలుపు. కనబడగానే, "టీచరమ్మా, నీ లెక్క ఎట్లున్నది?" అంటాడు. నేను చెప్తాను, ఆయనదీ చెప్తాడు. మంగళవారం మళ్ళీ వెళ్ళాలి. ఖాళీ స్ట్రిప్పులు లెక్కపెట్టి కవర్లో పెట్టాను, డైరీలో ఈ రాత్రి గోలీ టైము రాయాలి.