నర్సింగ్ కాలేజీ ఫ్యాకల్టీ లిస్టును కింద నుంచి పైకి చదవండి

బీఎస్సీ నర్సింగ్ సీటు కోసం తిరిగేవాళ్లు బిల్డింగు చూస్తారు, హాస్టల్ చూస్తారు, ఫీజు బేరమాడతారు. ఫ్యాకల్టీ పేజీ తెరిచినా ప్రిన్సిపల్ ఫొటో, పేరు ముందు డాక్టర్, పేరు వెనక పీహెచ్‌డీ చూసి మూసేస్తారు. ఆ పీహెచ్‌డీ మంచిదే, కాదనను. కానీ రెండో ఏడాది పిల్ల మొదటిసారి సూది చేత్తో పట్టుకున్నప్పుడు పక్కన నిలబడేది ప్రిన్సిపల్ కాదు, ట్యూటర్. అందుకే లిస్టును అడుగు నుంచి చదవమంటాను.

ముందు కొలమానం తెలియాలి. నర్సింగ్ చదువుకి నిబంధనలు పెట్టే ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్కలో ప్రిన్సిపల్‌కి ఎమ్మెస్సీ నర్సింగ్‌తో పాటు మొత్తం 15 ఏళ్ల అనుభవం ఉండాలి. వైస్ ప్రిన్సిపల్, ప్రొఫెసర్‌లకు 12. అసోసియేట్ ప్రొఫెసర్‌కి 8, అందులో 5 ఏళ్లు బోధనలో గడిచి ఉండాలి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి ఎమ్మెస్సీ, 3 ఏళ్ల బోధన. ట్యూటర్‌కి ఎమ్మెస్సీ ఉంటే మేలు, లేకపోతే బీఎస్సీ గానీ, డిప్లొమా నర్సులు తర్వాత చదివే పోస్ట్ బేసిక్ బీఎస్సీ గానీ చేసి ఒక ఏడాది అనుభవం ఉన్నా చాలు. పీహెచ్‌డీ ఏ పోస్టుకీ తప్పనిసరి కాదు, ఉంటే మంచిదని మాత్రమే.

ఈ అంకెలు చేతిలో ఉంటే లిస్టులో పాస్ అయిన సంవత్సరాలే చాలా చెప్పేస్తాయి. ఒకరు 2016లో బీఎస్సీ పూర్తి చేశారనుకోండి. ఎమ్మెస్సీలో చేరాలంటే మధ్యలో కనీసం ఏడాది ఉద్యోగం చేసి ఉండాలి. 2017లో చేరితే 2019లో ముగుస్తుంది. ఆపైన మూడేళ్లు పాఠాలు చెబితే అసిస్టెంట్ ప్రొఫెసర్ హోదా 2022లో రావాలి. లిస్టులో 2020 నుంచే ఆ హోదా రాసి ఉంటే ఎక్కడో లెక్క కలిపేశారు. ఎమ్మెస్సీ చదివిన రెండేళ్లనూ అనుభవంలో వేసుకోవడం దీంట్లో మామూలుగా జరిగే పని.

డిగ్రీ ఒకటే అయినా దానికి వచ్చిన దారులు వేరు. ఒకరు జీఎన్‌ఎం అనే నర్సింగ్ డిప్లొమా చేసి, స్టాఫ్ నర్సుగా కొన్నేళ్లు నైట్ డ్యూటీలు లాగి, పోస్ట్ బేసిక్ చేసి, ఆపైన ఎమ్మెస్సీకి వచ్చి ఉంటారు. ఇంకొకరు బీఎస్సీ కాగానే నిబంధన ప్రకారం ఏడాది ఎక్కడో పనిచేసి, అది కూడా ఒక్కోసారి సర్టిఫికెట్ మీద మాత్రమే, ఎమ్మెస్సీ చేసి నేరుగా క్లాస్‌రూమ్‌కి వచ్చి ఉంటారు. సర్కారు కాలేజీల్లో సర్వీసులో ఉండగానే చదువుకుని బోధనకు మళ్లిన స్టాఫ్ నర్సులు కనిపిస్తారు. గల్ఫ్‌లో కొన్నాళ్లు చేసి తిరిగొచ్చినవాళ్లు ప్రైవేట్ కాలేజీల్లో ఉంటారు. నోట్స్ చెప్పడంలో నేరుగా క్లాస్‌రూమ్‌కి వచ్చినవాళ్లే చురుగ్గా ఉండొచ్చు. తేడా తెలిసేది బెడ్ దగ్గర.

ఒక సెలైన్ బాటిల్ తీసుకుందాం. 500 ఎంఎల్, 8 గంటల్లో ఎక్కాలి. సెలైన్ ఎక్కించే గొట్టం సెట్ కవర్ మీద ఎంఎల్‌కి 20 చుక్కలని రాసి ఉంది. 500ని 20తో గుణించి 480 నిమిషాలతో భాగిస్తే 20.8, అంటే నిమిషానికి 21 చుక్కలు. ఇంతవరకు పుస్తకం చదివిన ఎవరైనా చెబుతారు. వార్డులో మగ్గిన ట్యూటర్ అక్కడ ఆగరు. పేషెంట్ మోచేయి మడిస్తే చుక్క ఆగుతుంది, చాపగానే పరుగెడుతుంది, కాబట్టి పెట్టిన పావుగంటకి మళ్లీ వాచీ చూసి లెక్కపెట్టమంటారు. బాటిల్‌కి నిలువుగా ప్లాస్టర్ అంటించి గంటకి 62 ఎంఎల్ చొప్పున గీతలు పెట్టిస్తారు, డ్యూటీ మారినప్పుడు వచ్చే నర్సుకి ఒక్క చూపులో అర్థమయ్యేలా. తొందర పడే అటెండెంట్ చుక్కల వేగం మార్చే రోలర్ తిప్పేస్తాడని ముందే హెచ్చరిస్తారు. పిల్లల వార్డుకి వెళ్లాక మైక్రోడ్రిప్ సెట్‌కి ఎంఎల్‌కి 60 చుక్కలు కాబట్టి గంటకి ఎన్ని ఎంఎల్ కావాలో నిమిషానికి అన్ని చుక్కలే అని ఒక్క మాటలో తేల్చేస్తారు. సెట్ మారిందని చూసుకోకుండా పాత లెక్క వాడితే ఏమవుతుందో కూడా చెబుతారు. 21 చుక్కల మీదే వదిలేస్తే 8 గంటల బాటిల్ దాదాపు ఒక రోజంతా ఎక్కుతూనే ఉంటుంది.

ఇక స్పెషాలిటీలు. ఎమ్మెస్సీలో ఐదు శాఖలు: మెడికల్ సర్జికల్, కమ్యూనిటీ హెల్త్, సైకియాట్రిక్, పీడియాట్రిక్, ప్రసూతి. లిస్టులో ఎమ్మెస్సీ అని మాత్రమే రాసి శాఖ రాయకపోతే అడిగి తీరాలి. మెడికల్ సర్జికల్‌వాళ్లు ఎక్కువగా కనిపించడం, సైకియాట్రిక్ పేరు ఒక్కటే ఉండడం, అదీ ఏటా మారిపోవడం మామూలే. 2021లో గెజిట్ అయిన కొత్త సిలబస్‌లో 8 సెమిస్టర్లు. పిల్లల ఆరోగ్యం, మానసిక ఆరోగ్యం ఐదు, ఆరు సెమిస్టర్లలో, మిడ్‌వైఫరీ, అంటే ప్రసూతి, ఆరు, ఏడులో, కమ్యూనిటీ ఐదు, ఏడులో వస్తాయి. అంటే ఐదో సెమిస్టర్‌లో ఒకేసారి మూడు శాఖలవాళ్లు కావాలి. ఆరులో మళ్లీ మూడు, ఈసారి కమ్యూనిటీ బదులు ప్రసూతి. ఆ రెండు సెమిస్టర్లకు ఎవరెవరు చెబుతారో పేర్లతో చెప్పలేని కాలేజీలో మిగతా గొప్పలు వినక్కర్లేదు. ఫోరెన్సిక్ నర్సింగ్, హెల్త్ ఇన్ఫర్మాటిక్స్ లాంటివి ఈ సిలబస్‌తో కొత్తగా ముందుకొచ్చాయి. ఇప్పుడున్న సీనియర్లలో చాలామంది తమ బీఎస్సీలో వీటిని చదవలేదు, ఏ ట్రైనింగ్‌కి వెళ్లి నేర్చుకున్నారని అడగడంలో తప్పు లేదు.

ప్రసూతి శాఖవాళ్లని పరీక్షించాలంటే ఒక్క ప్రశ్న చాలు. గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు తెరుచుకున్నప్పటి నుంచి యాక్టివ్ లేబర్, అంటే నొప్పులు ఊపందుకున్న దశ, లెక్క? కాన్పు ఎలా సాగుతోందో రాసుకునే పాత షీటు పార్టోగ్రాఫ్ 4 అంటుంది. 2020 చివర్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన లేబర్ కేర్ గైడ్ 5 అంటుంది. రెండూ చెప్పి, పోస్టింగ్‌కి పంపే ఆసుపత్రిలో ఏ షీటు నింపుతున్నారో కూడా చెప్పగలిగితే ఆవిడ లేబర్ రూమ్ వదిలి ఎక్కువ కాలం కాలేదన్నమాట. మన దగ్గర నర్సులకు కాన్పుల పనిలో ప్రత్యేక శిక్షణనిచ్చే నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అనే 18 నెలల కోర్సు కూడా నడుస్తోంది. తెలంగాణ దీన్ని 2017లోనే మొదలుపెట్టింది. ఆ కోర్సు చేసినవాళ్లు ఫ్యాకల్టీలో ఒక్కరున్నా ఆ శాఖకి బలం.

ఇప్పుడు సంఖ్య సంగతి. టీచర్‌కి పదిమంది విద్యార్థులు అన్నది కౌన్సిల్ నిష్పత్తి. 60 సీట్లు, నాలుగేళ్లు, 240 మంది, కాబట్టి 24 మంది టీచర్లు. లిస్టులో 24 పేర్లు ఉంటే సరిపోయినట్టు కాదు. ఏ బ్యాచ్ ఏ వారం క్లాసులో ఉంటుందో, ఏ వార్డుకి వెళ్తుందో చూపే మాస్టర్ రొటేషన్ ప్లాన్, క్లినికల్ రొటేషన్ ప్లాన్ ఆఫీసులో అడగండి. ప్రతి కాలేజీ దగ్గరా ఉండాల్సిన కాగితాలే ఇవి. ఏదో ఒక వారం పట్టుకుని చూడండి. 60 మంది ఆరు గుంపులుగా మెడికల్, సర్జికల్, ఐసీయూ, ఓటీలకు వెళ్లారనుకుందాం, ఆరుగురు టీచర్లు ఆసుపత్రిలో ఉండాలి. అదే వారం ఇంకో బ్యాచ్ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉంటే అక్కడ ఆరుగురు. వీళ్లు పోగా మిగిలిన రెండు బ్యాచ్‌లకు క్లాసులు ఎవరు చెబుతున్నారో టైమ్‌టేబుల్‌లో చూడాలి. ఒకే పేరు ఒకే పూట వార్డులోనూ క్లాసులోనూ పడితే వార్డులో ఎవరూ లేరని అర్థం. అప్పుడు పిల్లల్ని డ్యూటీ సిస్టర్‌కి అప్పగించేస్తారు. ఆవిడ దగ్గర అప్పటికే చేతినిండా పని ఉంటుంది, కనుక పిల్లలు బీపీలు చూసి, బెడ్లు సర్ది, కేస్ షీట్లు ల్యాబుకి మోసి తిరిగొస్తారు. నేర్చుకున్న పనులు రాసే లాగ్‌బుక్ మాత్రం నిండుగా సంతకాలతో ఉంటుంది.

లిస్టులో ఉన్న మనిషి కాలేజీలో లేకపోవడం పాత జబ్బు. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనిపించేవాళ్లు, ఒకే సర్టిఫికెట్ మీద రెండు కాలేజీల్లో చలామణి అయ్యేవాళ్లు ఉంటారు. మధ్యప్రదేశ్‌లో ఇది ముదిరి హైకోర్టు నర్సింగ్ కాలేజీల మీద సీబీఐ విచారణ వేయించింది. 2024లో ఆ తనిఖీలకు వెళ్లిన సీబీఐ అధికారే లంచం కేసులో పట్టుబడ్డాడు. ఇలాంటివి పట్టుకోవడానికి ఒక ఆధారం ఉంది: జాతీయ రిజిస్టర్‌లో నమోదైన నర్సుకి ఎన్‌యూఐడీ అనే ప్రత్యేక నంబరు ఉంటుంది. ఫ్యాకల్టీ లిస్టులో ఆ నంబరు, రాష్ట్ర కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబరు, రెన్యూవల్ తేదీ ఉన్నాయో లేదో చూడండి. ఎమ్మెస్సీని అదనపు అర్హతగా కౌన్సిల్‌లో నమోదు చేయించుకున్నారా అన్నదీ అక్కడే తెలుస్తుంది. ఇవేవీ లేకుండా ఫొటోలు మాత్రమే పెట్టిన లిస్టుకి నేను విలువ ఇవ్వను. అన్నిటికన్నా సులువైన పరీక్ష ఇంకోటి ఉంది. మూడో ఏడాది పిల్లల్ని నలుగుర్ని నిలబెట్టి లిస్టులో పేర్లు చదవండి, ఎవరు గుర్తుపడతారో చూడండి.

కేరళ, తమిళనాడు నుంచి వచ్చిన టీచర్లు మన కాలేజీల్లో ఎప్పటినుంచో ఉన్నారు, మంచి టీచర్లున్నారు. వీళ్ల విషయంలో రెండు చూడాలి. మన రాష్ట్ర కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ మార్పించుకున్నారా, తెలుగు వస్తుందా. క్లాసు ఇంగ్లీషులోనే కాబట్టి అక్కడ ఇబ్బంది రాదు. ఊళ్లో ఇంటింటి సర్వేకి వెళ్లినప్పుడు బాలింతని ఏం అడగాలో, అత్తగారు అడ్డం పడితే ఎలా మాట్లాడాలో తెలుగు రాని టీచర్ చూపించలేరు. ఆ పనిలో ఊరి ఏఎన్‌ఎం ఎవరైనా ఆవిడకన్నా నయం.

నర్సులు కాని టీచర్లూ కావాలి. మైక్రోబయాలజీ, బయోకెమిస్ట్రీ, పోషకాహారం, సైకాలజీ, సోషియాలజీ, ఇంగ్లీషు ఆయా సబ్జెక్టుల్లో పీజీ చేసినవాళ్లు పార్ట్‌టైమ్‌గా వచ్చి చెప్పాలి. మెడికల్ కాలేజీకి అనుబంధంగా ఉన్నచోట అనాటమీకి ఆ విభాగంవాళ్లే దొరుకుతారు. విడిగా ఉన్న కాలేజీలో ఆ భారం చివరికి కొత్తగా చేరిన ట్యూటర్ నెత్తిన పడుతుంది.

ఆఫీసు గురించి ఎవరూ అడగరు, అడగాలి. చదువు అయిపోయి విదేశాలకు అప్లై చేసేటప్పుడు తెలుస్తుంది దాని విలువ. అమెరికా వెళ్లాలనుకునేవాళ్ల విషయంలో, విదేశీ నర్సుల చదువుని పరిశీలించే సీజీఎఫ్‌ఎన్‌ఎస్ (ఇప్పటి పేరు ట్రూమెరిట్) లాంటి సంస్థలు మార్కుల మెమోతో సరిపెట్టుకోవు. ఒక్కో సబ్జెక్టుకీ థియరీ ఎన్ని గంటలు, క్లినికల్ ఎన్ని గంటలు అన్న ట్రాన్స్‌క్రిప్ట్ కాలేజీ నుంచి నేరుగా అందాలి. కొత్త సిలబస్‌లో లెక్క క్రెడిట్లలో ఉంటుంది. 20 వారాల సెమిస్టర్‌కి ఒక థియరీ క్రెడిట్ అంటే 20 గంటలు, ల్యాబ్ క్రెడిట్ 40, క్లినికల్ క్రెడిట్ 80. ఈ మార్పిడి తెలియని క్లర్కు మూడింటినీ ఒకే గాటన కట్టి గంటలు వేస్తే యూనివర్సిటీ సిలబస్‌తో పొంతన కుదరక ఫైలు వెనక్కి వస్తుంది. పేరు స్పెల్లింగ్ టెన్త్ మెమోలో ఒకలా, రిజిస్ట్రేషన్‌లో ఒకలా ఉన్నా అంతే. కాలేజీ మూతపడితే లేదా రికార్డులు చూసిన పాత సూపరింటెండెంట్ మానేస్తే ఆ పిల్లలు విజయవాడకో వరంగల్‌కో, తమది ఏ హెల్త్ యూనివర్సిటీ అయితే అక్కడికి, తిరగాల్సి వస్తుంది. చేరకముందే పాత బ్యాచ్‌వాళ్లని ఒక్క మాట అడిగి చూడండి: ట్రాన్స్‌క్రిప్ట్‌కి అప్లై చేస్తే ఎన్ని రోజుల్లో ఇచ్చారు, ఎంత తీసుకున్నారు, రసీదు ఇచ్చారా అని.