కాట్పాడి మెమూలో కెమెరాతో

తిరుపతి నుంచి పాకాల, చిత్తూరు మీదుగా కాట్పాడి వెళ్లే 104 కిలోమీటర్ల దారి పాతకాలం నుంచీ సింగిల్ లైనే. దీన్ని డబ్లింగ్ చేయడానికి 2025 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 1,332 కోట్ల రూపాయల అంచనాతో ఆమోదం తెలిపింది. మా ప్రాంతానికి ఎప్పుడో రావలసిన పని అది. కానీ రెండో లైను పడితే, క్రాసింగ్ కోసం, అంటే మరో బండికి దారి ఇవ్వడానికి, చిన్న స్టేషన్లలో బండి ఆగిపోవడం తగ్గిపోతుంది. లూప్ లైన్లో నిలబడ్డ ప్యాసింజరు, కిందికి దిగి నడుము సవరించుకునే జనం, ఎక్స్‌ప్రెస్ దూసుకుపోగానే పరుగున వచ్చి ఎక్కడం... ఇవి కనబడకుండా పోయేలోపు వీడియో తీసి ఉంచాలనే పట్టుదలతో మామిడికాయల కాలంలో ఒక ఉదయం మెమూ, అంటే విడిగా ఇంజిను లేకుండా కరెంటుతో నడిచే ప్యాసింజరు బండి, ఎక్కాను.

ఇలా తీసుకోవడానికి అనుమతి కావాలా అని మిత్రులు అడుగుతూనే ఉంటారు. సినిమా, సీరియల్, ప్రకటన లాంటి వాటికైతే తప్పకుండా కావాలి. జోన్ ప్రధాన కార్యాలయంలోని ముఖ్య పౌరసంబంధాల అధికారికి ముందుగా దరఖాస్తు పెట్టాలి, రుసుము కట్టాలి. షూటింగ్ ఒకటికి మించిన జోన్లలో జరిగితే వ్యవహారం రైల్వే బోర్డు దాకా వెళుతుంది. తిరుపతి, పాకాల, చిత్తూరు గుంతకల్లు డివిజన్‌లో ఉన్నాయి. కాట్పాడి వేరే జోన్ అయిన దక్షిణ రైల్వేలోని చెన్నై డివిజన్‌ది. అంటే ఒక పూట కూడా పట్టని ఈ ప్రయాణంలోనే జోన్ మారిపోతుంది. సినిమావాళ్లు ఈ దారి మొత్తం తీయాలనుకుంటే ఢిల్లీ వైపు చూడాల్సిందే.

టికెట్టు కొనుక్కుని, సొంత ముచ్చట కోసం ఫోనుతోనో చిన్న కెమెరాతోనో తీసుకునేవాళ్లను మామూలుగా ఎవరూ కాగితం అడగరు. అలాగని అది మన హక్కు అనుకోకూడదు. విధుల్లో ఉన్న ఉద్యోగి వద్దంటే ఆపేయాలి. స్టాండు, లైట్లు, పెద్ద మైకు బయటికి తీస్తే చూసేవాళ్లకు అది షూటింగే. ఇక ఆ వీడియో మీద ప్రకటనల డబ్బు వస్తుంటే అభిరుచి ఎక్కడ ఆగి వ్యాపారం ఎక్కడ మొదలైందో చెప్పడం కష్టం. అందుకే నేను చేతిలో పట్టే కెమెరా తప్ప ఇంకేమీ తీసుకెళ్లను.

తిరుపతి ప్లాట్‌ఫారం నిండా గుండ్లకు చందనం పూసుకున్న భక్తులు, లడ్డూ సంచులు. బండి కదిలేటప్పుడు మోటారు కోచ్ అడుగు నుంచి ఒక కూత సన్నగా మొదలై, మెట్టు మెట్టుగా పైకి వెళుతుంది. ఆ శబ్దం కోసమే కిటికీ ఊచలకు కెమెరాను ఆనించి, ఊపిరి బిగబట్టి కూర్చున్నాను. చంద్రగిరి దాటేదాకా కొండలు వెంట వస్తాయి. ఆ తర్వాత బండరాళ్ల గుట్టలు, మధ్యలో చెరకు, తోతాపురి తోటలు.

నేను కోరుకున్న క్రాసింగ్ పాకాలకు ముందు ఒక చిన్న స్టేషన్లో దొరికింది. ప్లాట్‌ఫారం మీద నిలబడి తీస్తుంటే రైల్వే రక్షక దళం కానిస్టేబుల్ ఒకాయన వచ్చాడు.

"ఏ ఛానల్ సార్ మీది?"

"ఛానల్ కాదండీ. రైళ్లంటే ఇష్టం, నాకోసం తీసుకుంటున్నాను."

టికెట్టు చూపించాను, అంతవరకు తీసింది కూడా చూపించాను. ఆయన ఓపికగా చూశాడు. "బండిని తీసుకోండి. స్టేషన్ మాస్టరు గది వైపు, సిగ్నల్ గది వైపు తిప్పకండి. పట్టాల మీదికి దిగకండి. మిలిటరీ సామాను బండి వస్తే కెమెరా లోపల పెట్టేయండి" అన్నాడు.

పట్టాల మీదికి దిగడం ఉత్త మందలింపుతో పోయే సంగతి కాదు. రైల్వే చట్టం 1989లోని 147వ సెక్షన్ ప్రకారం ఆరు నెలల దాకా జైలు, వెయ్యి రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తలపై తీగలో పారేది 25,000 వోల్టులు. సెల్ఫీ కర్ర దాని దగ్గరికి వెళ్లినా చాలు, తాకనక్కరలేదు. రీల్స్ మోజులో ప్రాణాల మీదికి తెచ్చుకునేవాళ్లపై కేసులు పెట్టమని 2024 నవంబరులో రైల్వే బోర్డు జోన్లకు చెప్పింది. ఆ కఠినత్వాన్ని నేను పూర్తిగా సమర్థిస్తాను. నా బాధ వేరే. ఆ కానిస్టేబుల్ చెప్పిన మాటలు ఏ స్టేషన్లోనూ ప్రయాణికుడికి కనబడేలా రాసి ఉండటం నేను చూడలేదు. ఒకచోట చిరునవ్వుతో వదిలేస్తారు, మరోచోట అదే పనికి ఫోనులోది చెరిపేయమంటారు. తెలుగులో ఒక బోర్డు పెడితే ప్రయాణికుడికీ, ఉద్యోగికీ గొడవ తప్పుతుంది.

చిత్తూరులో ఎక్కినవాళ్లలో వేలూరు ఆసుపత్రికి వెళ్లేవారు చాలామందే ఉంటారు. ఒడిలో స్కాన్ కవరు పెట్టుకున్న ఒక పెద్దాయన నా కెమెరా చూసి మొహం పక్కకు తిప్పుకున్నాడు. వెంటనే దాన్ని కిటికీ వైపు తిప్పేశాను. రైల్వే అనుమతి ఇచ్చినా ఆయన ఇవ్వలేదు కదా. తోతాపురి ముక్కలకు ఉప్పూ కారం అద్ది అమ్ముతున్న అవ్వను మాత్రం అడిగాను. "నా మొహం ఎందుకు నాయనా, బుట్ట తియ్యి" అంది. కత్తి పడగానే విచ్చుకునే పచ్చటి చెక్కలు, వాటి మీద ఆమె వేళ్లు కారం చల్లే తీరు, అంతే తీశాను. ఆ రోజు తీసినవాటిలో నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

అభిరుచిగాళ్లను పూర్తిగా ఆపేస్తే ఏం పోతుందో పాకాలను చూస్తే తెలుస్తుంది. విల్లుపురం నుంచి ధర్మవరం దాకా పంతొమ్మిదో శతాబ్దం చివర వేసిన మీటర్ గేజి లైను (పట్టాల మధ్య ఒక మీటరు దూరం ఉండేది) ఇటుగానే వెళ్లేది. ఇప్పుడు ఇక్కడ ఉన్నదంతా 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజి. ఆనాటి చిన్న బండి పీలేరు, మదనపల్లె రోడ్డు వైపు ఎలా వెళ్లేదో ఈ తరానికి చూపించాలంటే ఎవరో ఔత్సాహికుడు తీసి దాచుకున్న ఫోటో దిక్కు.

మీ ఇంట్లో పెద్దవాళ్ల ఆల్బమ్‌లో మీటర్ గేజి నాటి పాకాల, చిత్తూరు స్టేషన్ల ఫోటోలు ఉంటే దయచేసి స్కాన్ చేయించండి. వెనక ఏడాది, ఊరు రాసి ఉంటే ఆ వైపు కూడా.