మందుల హోల్‌సేల్ షాపు సాఫ్ట్‌వేర్ మారుస్తుంటే: ఐటెం మాస్టర్, ఓపెనింగ్ స్టాకు

మందుల హోల్‌సేల్ షాపు కొత్త బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌కి మారాలనుకున్నప్పుడు చర్చంతా ఏది కొనాలన్న దాని చుట్టూనే తిరుగుతుంది. క్లౌడా, షాపులో సర్వరా, ఎంతమంది యూజర్లు, ఏడాదికి ఎంత కట్టాలి. ఇవి అవసరమే. కానీ మార్పిడి దెబ్బతినేది సాధారణంగా వేరేచోట. ఏళ్ల తరబడి పేరుకున్న ఐటెం జాబితాను (ఐటెం మాస్టర్) ఎవరు శుభ్రం చేస్తారు? ఏప్రిల్ 1న కొత్తదాంట్లో ఓపెనింగ్ స్టాకుగా ఎక్కించడానికి మార్చి 31 రాత్రి సరుకు ఎవరు లెక్కపెడతారు? ఈ రెండు పనులకీ షాపు మనుషుల పేర్లు ముందే రాసుకోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మినవాళ్లు ఈ పని చేసిపెట్టలేరు. మీ ర్యాకులో ఏముందో వాళ్లకు తెలియదు.

పాత జాబితాలో ఒకే మాత్ర రెండు మూడు పేర్లతో ఉంటుంది. ఒకరు 'పారాసెటమాల్ 650 ట్యాబ్' అని, ఇంకొకరు 'పారసిటమాల్ 650 10 మాత్రలు' అని ఎక్కించి ఉంటారు. కొన్నది ఒక పేరు మీద, అమ్మింది మరో పేరు మీద పడితే ఒక దాంట్లో స్టాకు మైనస్‌లోకి వెళ్తుంది, రెండో దాంట్లో లేని సరుకు కనిపిస్తుంది. పేరు వరసలో పెట్టి చూస్తే ఈ జంటలు దొరకవు, స్పెల్లింగే వేరు కదా. కంపెనీ, మోతాదు, ప్యాకు ప్రకారం వరస పెట్టండి, పక్కపక్కన వచ్చేస్తాయి. రెండేళ్లుగా అమ్మకం లేక, స్టాకూ సున్నా ఉన్నవాటిని కొత్తదానికి తీసుకెళ్లొద్దు. ఆ తర్వాత కొత్త ఐటెం ఎక్కించే అధికారం ఒక్కరికే ఇవ్వండి.

యూనిట్ల దగ్గర ఇంకా జాగ్రత్త. బాక్సుల్లో కొంటాం, స్ట్రిప్పుల్లో అమ్ముతాం. స్టాకు యూనిట్ స్ట్రిప్ అని ఒకటే పెట్టుకుని, బాక్సుకి ఎన్ని స్ట్రిప్పులో ఐటెం వారీగా రాయాలి. ఒకే కంపెనీ ఒక మందును బాక్సుకి 10, ఇంకోదాన్ని 20 చొప్పున పంపుతుంది. 40 బాక్సులు 40 స్ట్రిప్పులుగా ఎక్కితే స్టాకుతో పాటు కొన్న రేటూ తప్పుతుంది, లాభనష్టాల లెక్క నమ్మలేం.

బ్యాచ్ నంబరు, ఎక్స్‌పైరీ, ఎమ్మార్పీ, కొన్న రేటు నాలుగూ కలిసే రావాలి. ఇక్కడ ఎక్సెల్ నిశ్శబ్దంగా పాడుచేస్తుంది. 00457 అన్న బ్యాచ్ 457 అయిపోతుంది. '3E5' లాంటి బ్యాచ్‌ను మూడు లక్షల సంఖ్యగా తీసుకుంటుంది. 06/27 అన్న ఎక్స్‌పైరీ ఈ ఏడాది జూన్ 27గా మారిపోవచ్చు. అందుకే డేటా పోయకముందే ఆ కాలమ్‌లను టెక్స్ట్‌గా మార్చాలి, పోశాక మార్చినా పోయిన సున్నాలు తిరిగి రావు. ఎక్స్‌పైరీగా నెల, సంవత్సరం మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు వరకు చెల్లుతుంది. ఒకటో తేదీగా ఎక్కితే నెలరోజులు అమ్ముకోగలిగిన మందును సిస్టం ఆపేస్తుంది.

జీఎస్టీ రేటుకి అమలు తేదీ కూడా ఉండాలి. 2025 సెప్టెంబర్ 22 నుంచి చాలా మందులు 12 శాతం నుంచి 5 శాతానికి వచ్చాయి. అంతకుముందు వేసిన బిల్లు మీద క్రెడిట్ నోట్ (వాపసుకో తగ్గింపుకో ఇచ్చే పత్రం) ఇస్తే పాత రేటే పడాలి. పాత రేటును చెరిపేసి కొత్తది రాసే సాఫ్ట్‌వేర్ అయితే అక్కడే వద్దనుకోవడం మంచిది. కస్టమర్ల జాబితాలో జీఎస్టీ నంబరు మొదటి రెండంకెలు, రాష్ట్రం గడి సరిపోతున్నాయో ఒక ఫార్ములాతో చూసేయొచ్చు: ఆంధ్రప్రదేశ్ 37, తెలంగాణ 36. విజయవాడ హోల్‌సేలర్ ఖమ్మం షాపుకి సరుకు పంపితే, రాష్ట్రాల మధ్య అమ్మకం కాబట్టి ఐజీఎస్టీ పడాలి. రాష్ట్రం తప్పుంటే, రాష్ట్రం లోపలి అమ్మకానికి వేసే సీజీఎస్టీ, ఎస్జీఎస్టీ పడి, రిటర్నులో సవరణలు మొదలవుతాయి.

బకాయిలను పార్టీకి ఒక్క మొత్తంగా తెచ్చుకోవడం సులువు. ఆ సులువుకి ఏడాదంతా మూల్యం కట్టాలి. వసూలుకి వెళ్లిన కుర్రాడి చేతిలో ఏ బిల్లు బాకీయో ఉండదు, బాకీ ఎన్నాళ్లదని చూస్తే అన్నీ ఏప్రిల్ 1వే. బిల్లు వారీగా, అసలు తేదీలతో తేవాలి. సర్దుబాటు కాని క్రెడిట్ నోట్లు, ఇంకా పాస్ కాని చెక్కులు, గడువు తీరిన మందులకు కంపెనీ నుంచి రావలసిన ఎక్స్‌పైరీ క్లెయిములు విడిగా రావాలి. అన్నీ కూడితే పాత ఖాతాలన్నిటి నిల్వల పట్టిక అయిన ట్రయల్ బ్యాలెన్స్‌తో రూపాయి తేడా లేకుండా కలవాలి. చిన్న తేడాయే కదా అని వదిలేయకండి. దాని వెనక ఒకదాన్నొకటి కప్పేసుకున్న రెండు పెద్ద తప్పులు ఉండొచ్చు.

లెక్కింపు రోజు సరుకు రాకపోకలు ఆపాలి. వచ్చి, బిల్లు ఎక్కని సరుకు ఒక పక్క, బిల్లయి ఇంకా వెళ్లని సరుకు మరో పక్క. ఎక్కువ తేడాలు ఈ రెండు కుప్పల దగ్గరే పుడతాయి. లెక్కపెట్టేవాళ్లకు సిస్టంలోని అంకె ఇవ్వకూడదు. కనబడితే దాన్నే రాసేస్తారు.

నెలరోజులు పాతదీ కొత్తదీ రెండూ నడపమని చాలామంది సలహా ఇస్తారు. రద్దీ కౌంటర్‌లో అది సాగదు, వారం తిరక్కుండా ఒకదాంట్లో ఎక్కించడం మానేస్తారు. దానికి బదులు కొత్తదాంట్లో ప్రయోగానికి తెరిచిన టెస్ట్ కంపెనీలో మొత్తం డేటాతో రెండుసార్లు రిహార్సల్ చేయడం మేలు. అన్ని రకాలూ వచ్చేలా 50 పాత బిల్లులు ఏరి మళ్లీ వేసి చూడాలి: అంతర్రాష్ట్ర బిల్లు, క్యాష్ డిస్కౌంట్, పగిలిన సరుకు వాపసు, 10కి 1 ఉచితం స్కీము. ఈ స్కీములో స్టాకు 11 తగ్గాలి, డబ్బు 10కే పడాలి.

టర్నోవరు 5 కోట్లు దాటిన వ్యాపారాలకు 2023 ఆగస్టు 1 నుంచి ఈ-ఇన్వాయిస్ (బిల్లును ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయడం) తప్పనిసరి. దాన్ని పోర్టల్‌లో రద్దు చేసుకోవడానికి 24 గంటలే గడువు, తర్వాత క్రెడిట్ నోటే దారి. ఈ సంగతి కౌంటర్‌లో కూర్చునే ప్రతి ఒక్కరికీ తెలియాలి. బిల్లు నంబరు 16 అక్షరాలు దాటకూడదు, గుర్తుల్లో అడ్డగీత, ఏటవాలు గీత మాత్రమే చెల్లుతాయి. బ్రాంచి పేరు, సంవత్సరం, సిరీస్ అన్నీ నంబర్లోనే ఇరికించబోయి చాలామంది ఇక్కడ ఇరుక్కుంటారు.

మొదటి వారం బిల్లింగ్ ఆగకూడదని, స్టాకు మైనస్‌కి వెళ్లినా బిల్లు పడేలా సెట్టింగ్ తెరిచేయడం మామూలైపోయింది. అది సూపర్‌వైజర్ ఒక్కరికే ఉండాలి, ఆ రోజు మైనస్‌లోకి వెళ్లిన ఐటెంలన్నీ ఆ సాయంత్రమే తేలాలి. వాటితో పాటు రోజూ ఒక 20 ఐటెంలు అక్కడొకటి ఇక్కడొకటిగా ఏరి ర్యాకులో లెక్కపెట్టండి. తేడా ఒకే ర్యాకులో వస్తుంటే లెక్కింపు తప్పు, ఒకే కంపెనీ సరుకులో వస్తుంటే యూనిట్ తప్పు అయ్యుండే అవకాశం ఎక్కువ.

సాఫ్ట్‌వేర్ వాళ్లకిచ్చే చివరి వాయిదా మే నెల మధ్య వరకు ఆపుకునేలా ముందే ఒప్పందంలో రాయించుకోండి. నెలనెలా రిటర్ను వేసేవాళ్లకు ఏప్రిల్ అమ్మకాల రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు మే 11, కొనుగోళ్ల పట్టిక జీఎస్టీఆర్-2బి వచ్చేది 14న. ఆ రెండూ కొత్త సిస్టం లెక్కలతో కలిశాకే డబ్బివ్వాలి. రేపు మరో సాఫ్ట్‌వేర్‌కి మారాల్సి వస్తే బ్యాచ్ వారీ స్టాకు, బిల్లు వారీ బకాయి ఎక్సెల్ ఫైళ్లుగా అదనపు రుసుము లేకుండా ఇవ్వాలన్న షరతు కూడా ఆ కాగితంలోనే ఉండాలి.