రెండు చిట్టాలు

నిన్న రాత్రి పది దాటాక రాసి పంపేశాను. మూడే వాక్యాలు. తెలుగు వికీపీడియాలో నా నిర్వాహక హక్కులు తీసేయండి, కారణాలు నా సొంతం, ధన్యవాదాలు. తెలుగు పనికి రాజీనామా ఇంగ్లీషులో రాయాల్సి వచ్చింది. హక్కులు ఇచ్చేది ఇక్కడ మనవాళ్ళే, అభిప్రాయాలు అడిగి, ఓట్లు చూసి. తీసేది మాత్రం అన్ని భాషల వికీలకూ ఉమ్మడి వేదికైన మెటా వికీలో ఉండే స్టీవార్డులు, అంటే పైస్థాయి నిర్వాహకులు. వాళ్ళు ఎవరో, ఏ దేశం వాళ్ళో నాకు తెలియదు. తమంతట తామే వద్దనుకున్న వాళ్ళ విషయంలో వాళ్ళకో పద్ధతి ఉంది. వెంటనే తీసేయరు, అటూ ఇటూగా 24 గంటలు ఆగుతారు. కోపంలో రాశాడేమో, తెల్లారితే మనసు మారుతుందేమో అని.

నాది కోపం కాదు. అయినా ఆ గడువు ఇవాళ రోజంతా చొక్కా జేబులో వేసుకుని తిరిగినట్టే ఉంది.

పొద్దున అయిదింటికే మెలకువ వచ్చింది. మామూలుగా అయితే పళ్ళు తోముకోకముందే ఫోన్లో 'ఇటీవలి మార్పులు' చూస్తాను. రాత్రి నేను పడుకున్నాక ఎవరు ఏ పేజీలో ఏం పెట్టారు, ఏం పీకారు అని. అమెరికా వాళ్ళకు అది పగలు కదా, వాళ్ళ దిద్దుబాట్లన్నీ అప్పుడే వస్తాయి. ఇవాళ ఫోను చార్జింగులోనే వదిలేసి చాయ్ తాగుతుంటే మా ఆవిడ అనుమానంగా చూసింది.

"పాణం బాగ లేదా?"

సంగతి చెప్పాను. "రాజీనామా ఇచ్చినవా? మరి జీతమెంత పోతదంట?" అని నవ్వుకుంటూ లోపలికి పోయింది. ఈ జోకు ఆమెకు పాతది. 2013లో నన్ను నిర్వాహకుణ్ణి చేసినప్పుడు "జీతం పెంచిండ్రా" అని అడిగింది.

మిల్లుకు పోయేసరికి ఏడు. నేను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో గుమస్తాను. నవంబరంటే మాకు పండగా అదే, పీడా అదే. సన్నాల కోతలు మొదలైతే ట్రాక్టర్లు మిల్లు గేటు నుంచి రోడ్డెక్కి నిలబడతాయి. పొలంలో మిషను కోసిన ధాన్యం ఆరబెట్టకుండా అట్లాగే వస్తుంది. ఒక్కో ట్రాక్టరుకు తేమ చూడాలి, కాటా చీటీ రాయాలి, రేటు వేయాలి, చిట్టాలో ఎక్కించాలి. కంప్యూటరు ఉంది. అయినా మా యజమానికి ఎర్ర గుడ్డ అట్ట చిట్టా పుస్తకం కళ్ళ ముందు ఉంటే తప్ప తృప్తి ఉండదు. రెండింటిలోనూ నేనే రాస్తాను.

తెలుగు వికీపీడియాలో ఎవరు ఏ పని చేశారో వరసగా నమోదయ్యే జాబితాను కూడా చిట్టా అనే అంటారు. తొలగింపుల చిట్టా, నిరోధాల చిట్టా, తరలింపుల చిట్టా. మొదట్లో ఎవరో పెద్దలు ఆ మాటను ఎంచుకున్నారు, వాళ్ళకు దండం పెట్టాలి. 2009లో నెట్ సెంటర్లో ఆ మాట చూసే నాకు అక్కడ మనింట్లో ఉన్నట్టు అనిపించింది. అప్పటికి నాకు తెలుగు టైపు రాదు. లేఖిని అనే వెబ్‌సైటులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి, వచ్చిన తెలుగును కాపీ చేసుకుని తెచ్చి అతికించేవాణ్ణి. మొదటి వ్యాసం మా ఊరి గురించి. వ్యాసం అనకూడదు, మొలక. నాలుగు లైన్లుంటే దాన్ని మొలక అంటారు. అది కూడా నాకు నచ్చిన మాటే, వడ్ల మనిషిని కదా.

నిర్వాహకుడంటే ఏదో అధికారం అనుకుంటారు బయటివాళ్ళు. పేజీ తొలగించడం, సంరక్షించడం, అల్లరి చేసేవాళ్ళను నిరోధించడం, ఇంతే. నిర్వాహకుల గుర్తులో వికీ గోళం పక్కన నేల తుడిచే కర్ర ఉంటుంది. దాన్ని బట్టే అర్థం చేసుకోవచ్చు.

అయితే ఊడ్చే పనిలోనూ వింతలు ఉంటాయి. తెలుగు వికీలో మనుషుల గురించిన వ్యాసాలు ఏకవచనంలో రాయాలని పద్ధతి. జన్మించాడు, చదివాడు, గెలిచాడు. గారు ఉండదు, శ్రీ ఉండదు. విజ్ఞాన సర్వస్వం కదా, ఒకరికి పెట్టి ఒకరికి పెట్టకపోతే గొడవ. దీనిమీద నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. సినిమా హీరోల అభిమానులు, పార్టీల వాళ్ళు, స్వాముల భక్తులు, అందరిదీ ఒకటే మాట: "మా అన్నను వాడు వీడు అంటావా? నీకు సంస్కారం లేదా?" పగలంతా మిల్లులో లారీ డ్రైవరు దగ్గర్నుంచి ఫుడ్ ఇన్‌స్పెక్టరు దాకా సార్ సార్ అనే నేను, రాత్రి తొమ్మిదయ్యాక ముఖ్యమంత్రుల పేర్ల వెనక గారు పీకుతూ కూర్చునేవాణ్ణి. అందులో కొంత సంతోషం లేదని చెప్పను.

పదకొండు గంటలప్పుడు వేములపల్లి వైపు నుంచి వచ్చిన ఒక రైతుతో తేమ దగ్గర పేచీ అయింది. మీటరులో 26 వచ్చింది. ఆయన గుప్పెడు వడ్లు తీసి నోట్లో వేసుకుని కొరికి, "ఇది ఇరవై గూడ లేదు, నీ మిషను అబద్ధం చెప్తుంది" అన్నాడు. మళ్ళీ పెట్టాను, 25. "నలబై ఏండ్లు నేను పండిస్తున్న, నా పంటికి తెల్వదా? కాయితం మీద పడ్డదే నిజమా?" అన్నాడు. 25 రాసి చీటీ ఇచ్చాను. తీసుకున్నాడు గానీ నా మొహం చూడలేదు.

మధ్యాహ్నం సద్ది తిన్నాక అరగంట ఖాళీ దొరికింది. ఇవాళ చూడకూడదనుకున్నది అప్పుడు చూశాను. నా తొలగింపుల చిట్టా.

వికీలో తొలగించిన పేజీ నిజంగా పోదు. మామూలు పాఠకుడికి కనబడదు, నిర్వాహకులకు మాత్రం లోపల కనబడుతూనే ఉంటుంది. హక్కులు పోతే నాకూ కనబడదు. అంటే పన్నెండేళ్ళలో నేను తీసేసినవన్నీ చూసుకోవడానికి ఇవాళ ఒక్క రోజే. 3 వేలకు పైన ఉన్నాయి. చాలా వరకు చెత్తే, అనుమానం లేదు. యంత్రం చేత తెలుగు చేయించి తెచ్చి పోసిన వ్యాసాలు; ఒకదాంట్లో "ఆమె అనేక చిత్రాలలో నక్షత్రం చేసింది" అని ఉంది, చదివి మళ్ళీ నవ్వొచ్చింది. పెళ్ళి పత్రిక పెట్టినవాడు ఒకడు, ముహూర్తం, విందు వేళతో సహా. దోస్తు పేరు మీద పేజీ పెట్టి "వీడు పెద్ద వేస్టు" అని రాసినవాళ్ళు యాభై మందైనా ఉంటారు. ఒకావిడ ఆవకాయ కొలతలు రాసింది. అది తీసేసే ముందు మా ఆవిడకు చదివి వినిపించాను. "ఉప్పు ఎక్కువైతది" అంది.

ఒకటి మాత్రం నేను వెతుక్కుంటూ వెళ్ళాను. అది తొలగింపు కాదు, మామూలు రద్దు, అంటే ఎవరో చేసిన మార్పును వెనక్కి తిప్పడం, అందరికీ కనబడేదే. ఖాతా కూడా లేకుండా ఎవరో ఒక ఊరి పేజీలో 'ప్రముఖులు' అని విభాగం పెట్టి ఒక పేరు రాశారు. చుట్టూ పది ఊళ్ళకు చిరుతల రామాయణం నేర్పాడు, హార్మోనియం వాయించేవాడు, ఫలానా సంవత్సరం చనిపోయాడు. మూలం లేదు. రద్దు చేశాను. మళ్ళీ పెట్టారు, మళ్ళీ రద్దు చేశాను. మూడోసారి పెట్టలేదు. చర్చ పేజీలో ఒక లైను రాశారు: "మా నాన్న మా ఊరికి ప్రముఖుడే సార్."

దాని కింద నా జవాబు ఇప్పటికీ ఉంది. విషయ ప్రాముఖ్యత గురించిన మార్గదర్శకానికి లంకె, కింద నా సంతకం. అంతే. ఒక్క మాట ఎక్కువ లేదు.

నేను చేసింది తప్పు కాదు. ఇవాళ వచ్చినా రద్దే చేయాలి. లేకపోతే ప్రతి ఊరి పేజీలో సర్పంచులు, వాళ్ళ బామ్మర్దులు, ఫ్లెక్సీల మీది యువనేతలు వరసకట్టి నిలబడతారు. నిలబడ్డారు కూడా, వాళ్ళనీ తీశాను. కానీ ఆ రోజు నాలుగు మాటలు కలిపి రాయాల్సింది. ఏ పేపరు జిల్లా ఎడిషన్లోనైనా ఆయన గురించి వచ్చిందా, ఎవరైనా పుస్తకంలో రాశారా, చూడండి, నేనూ వెతుకుతాను అని. మొదట్లో అయితే అట్లాగే రాసేవాణ్ణి. నాకు 2009లో అట్లా రాసినవాళ్ళుండబట్టే నేను నిలబడ్డాను. ఎప్పుడు మానేశానో తెలియదు. ఎక్కడ తప్పుందా అని పేజీ తెరవడం అలవాటయ్యాక, చదవడం పోయింది. రెండేళ్ళుగా నేను కొత్త వ్యాసం ఒక్కటి రాయలేదు. చిట్టా చూస్తే తెలిసిపోతుంది, అన్నీ తొలగింపులే.

నిన్న ఇంగ్లీషులో 'సొంత కారణాలు' అని రాసింది దీన్నే.

రెండేళ్ళపాటు ఏమీ చేయకుండా ఊరుకుంటే హక్కులు వాళ్ళే తీసేస్తారు, దానికీ పద్ధతి ఉంది. అట్లా ఊడిపోవడం నాకు ఇష్టం లేకపోయింది. తాళాలు ఇచ్చి రావాలి గానీ జేబులో పెట్టుకుని కనబడకుండా పోతే ఎట్లా?

అన్నీ ఇట్లాంటి జ్ఞాపకాలే కాదు. 2014 ఫిబ్రవరిలో విజయవాడలో తెలుగు వికీపీడియా దశాబ్ది ఉత్సవాలు జరిగితే ఒక రోజు సెలవు పెట్టి పోయాను. అన్నేళ్ళు వాడుకరి పేర్లుగా తప్ప తెలియని వాళ్ళు ఎదురుగా కూర్చుని ఉప్మా తింటున్నారు. వ్యాకరణం మీద నాతో నెల రోజులు పోట్లాడిన మనిషిని నేను రిటైరైన పంతులనుకున్నాను. తీరా చూస్తే నాకన్నా పదేళ్ళు చిన్నవాడు, ఇంజనీరు. ఆయన నన్ను ప్రొఫెసరనుకున్నాడట. మిల్లులో గుమస్తానని చెబితే లేచి చేయి పట్టుకున్నాడు.

ఇక 2016 దసరా. అక్టోబరు 11న తెలంగాణలో 10 జిల్లాలు 31 అయ్యాయి. అందరూ జమ్మి ఇచ్చిపుచ్చుకుంటుంటే మేం కొందరం జీఓలు ముందేసుకుని కూర్చున్నాం. అప్పటికి రెండేళ్ళ కిందటే ప్రతి ఊరి పేజీలో ఆంధ్ర ప్రదేశ్ తీసి తెలంగాణ రాశాం. ఇప్పుడు జిల్లా మార్చాలి, చాలా చోట్ల మండలమూ మార్చాలి. మా నల్గొండ మూడు ముక్కలైంది. హుజూర్‌నగర్, కోదాడ, నేరేడుచర్ల సూర్యాపేటకు పోయాయి. భువనగిరి వైపంతా యాదాద్రి. ఇటు దామరచర్లలోంచి అడవిదేవులపల్లి కొత్త మండలం. ఊరి పేరు మీద ఊరి పేరు, ఒకే పేరుతో మూడు ఊళ్ళు. నల్గొండ వరకు నేను చూస్తానన్నాను. వానాకాలం కోతలు మీద పడ్డాయి, రాత్రి పదకొండుకు ఇంటికొచ్చి ఒంటిగంట దాకా ఊళ్ళు మార్చేవాణ్ణి. రోజుకు పాతిక, ముప్పై. నిద్రలో కూడా మండలాలే. అంత అలసటలోనూ ఎవరిమీదా విసుక్కున్న గుర్తు లేదు. బహుశా అప్పుడు తీసేసే పని కాదు కాబట్టేమో.

సాయంత్రం హైదరాబాదు నుంచి మా అమ్మాయి ఫోన్ చేసింది. వాళ్ళమ్మ అప్పటికే చెప్పేసింది. "నాన్నా, నీ ఖాతా ఉంటుందా, పోతుందా?" అని అడిగింది. ఖాతా ఎక్కడికీ పోదు, మామూలు వాడుకరిగా రాసుకోవచ్చు అన్నాను. "మరింకేంటి, నువ్వు మొదట చేసిందే కదా" అని వెంటనే పరీక్షల సంగతిలోకి పోయింది. వాళ్ళకు ఇట్లాంటివి ఎంత తేలికో.

రాత్రి ఇంటికొచ్చేసరికి తొమ్మిదిన్నర. అన్నం తిని కూర్చుని తెరిచాను. అప్పటికే అయిపోయింది. నా అభ్యర్థన కింద స్టీవార్డు ఎవరో రెండు ముక్కలు రాశారు: అయిపోయింది, ఇన్నేళ్ళ సేవకు ధన్యవాదాలు. ఇటు తిరిగి ఒక పేజీ తెరిచి చూశాను. పైన 'తొలగించు' లేదు, 'సంరక్షించు' లేదు. 'చరిత్ర' ఉంది, 'తరలించు' ఉంది. పన్ను పీకించుకున్నాక నాలుక అక్కడికే పోయినట్టు చెయ్యి రెండుసార్లు ఆ ఖాళీ వైపే పోయింది.

మా ఊరి పేజీ తెరిచాను. 2009 నాటి నా నాలుగు లైన్ల మీద ఎవరెవరో పేర్చుకుంటూ వచ్చారు. 2011 జనాభా లెక్కల అంకెలు, ఊళ్ళో బడులెన్ని, దవాఖానా ఎంత దూరం, ఏ రకం భూమి ఎన్ని హెక్టార్లు. చెరువు గురించి ఒక్క ముక్క లేదు. మా ఊరి చెరువుకు రెండు తూములు. పెద్ద తూము కింద భూములకు నీళ్ళు వదిలే రోజు నీరటికాడు గట్టు మీద కోడిని కోసేవాడు. నీళ్ళు ఎవరి మడికి ఎప్పుడు చేరతాయో నీడను బట్టి చెప్పేవాడని మా నాయన అనేవాడు. ఆ లెక్క నాకు సగమే గుర్తుంది.

మూడు వాక్యాలు రాశాను. ఏకవచనంలోనే. మూలం ఏమిటని నన్ను నేనే అడుక్కుంటే చెప్పడానికి ఏమీ లేదు, మా నాయన మాట తప్ప. తీసేద్దామా అనుకున్నాను. తీసేయకుండా మూడో వాక్యం చివర నా చేత్తోనే 'ఆధారం చూపాలి' అని మూస, అంటే వికీలో వాడే తయారు గుర్తు, తగిలించి భద్రపరిచాను.

పొద్దున ఆరింటికి తౌడు లారీ వస్తుందట. పడుకోవాలి.